పాత గేరిలో కొత్త అపార్ట్‌మెంట్: అపోహలు - వాస్తవాలు

కర్నూలు పాతబస్తీలో ప్లాన్లు గీసి, అప్రూవల్‌కి పెట్టి, మధ్యమధ్యలో పాత గోడలు నిలబెట్టి బతికే ఎల్టీపీని నేను. ఎల్టీపీ అంటే కార్పొరేషన్‌కు ప్లాన్లు పెట్టే లైసెన్సు ఉన్న ఇంజినీరు అనుకోండి. ఒక సంగతి ముందే చెప్పేస్తా. అపార్ట్‌మెంట్ల ప్లాన్లు కూడా గీస్తాను, బిల్డర్ల డబ్బుతోనే మా పిల్లల ఫీజులు కట్టాను. మా గేరిలో (మా దగ్గర వీధిని గేరి అంటాం) మూడు పాత మిద్దెలు కూల్చి ఐదంతస్తులు లేపుతామన్నప్పుడు వద్దని తిరిగిన వాళ్లలోనూ ఉన్నాను. కాబట్టి రెండు వైపుల వాళ్లూ చెప్పే అబద్ధాలు నాకు తెలుసు. కొన్ని నేనే చెప్పాను.

అపోహ: బురుజు పక్కనే ఉన్నాం కాబట్టి చట్టమే ఆపేస్తుంది.

మా మీటింగులో మొదట లేచిన మాట ఇదే. కొండారెడ్డి బురుజు కనబడుతోంది కదా, ఇంకెవడు కడతాడు అని ధీమా. అసలు సంగతి వేరు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ వర్తిస్తాయి. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. అది దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నియంత్రిత ప్రాంతంలో కట్టకూడదని లేదు, అనుమతి తీసుకుని కట్టాలని ఉంది. ఢిల్లీలో జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసు చేస్తే కట్టుకోవచ్చు.

కొలతలోనూ పొరపాటు చేస్తారు. టేపు పట్టుకుని బురుజు గోడ దగ్గర మొదలుపెడతారు. కొలవాల్సింది గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతపు హద్దు నుంచి. చుట్టూ ఉన్న ఖాళీ జాగా కూడా ఆ హద్దులో ఉంటే లెక్క మారిపోతుంది. మీ ఇల్లు లోపలికి రావచ్చు. కేంద్ర శాఖ కట్టడమా, రాష్ట్ర శాఖ కట్టడమా అన్నది కూడా ముందు చూసుకోవాలి. రాష్ట్రానికి 1960 నాటి వేరే చట్టం ఉంది. కట్టడం దగ్గర బోర్డు ఉంటుంది, నిలబడి చదవండి. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మటం దగ్గరికి వెళ్లినా అంతే, ముందు బోర్డు.

అన్నిటికన్నా పెద్ద విషయం, ఆ చట్టం కాపాడేది కట్టడాన్ని. దాని చుట్టూ ఉన్న గేరిని కాదు. మన అరుగులు, మన మలుపులు, వేప చెక్క తలుపులు ఆ చట్టానికి కనబడవు. గేరిని గేరిగా కాపాడాలంటే మాస్టర్ ప్లాన్‌లో రాయించుకోవాలి. ముసాయిదా బయటపెట్టి అభ్యంతరాలు అడిగినప్పుడు మనలో ఒక్కడూ పోడు. నేనూ పోలేదు.

అపోహ: వంద మీటర్ల లోపల మేకు కూడా కొట్టకూడదు.

ఇది బిల్డర్ వైపు నుంచి వచ్చే మాట. "ఇక్కడ రిపేరు కూడా చేసుకోలేరు పెద్దమ్మా, మాకు ఇచ్చేయండి" అని ముసలివాళ్లను భయపెడతారు. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇల్లయితే నిషేధిత ప్రాంతంలో కూడా మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాలువలు, ప్రజలకు నీళ్లిచ్చే పైపులు, కరెంటిచ్చే లైన్ల పనులను చట్టం నిర్మాణం కింద లెక్కే వేయదు. నియంత్రిత ప్రాంతంలో పాత ఇంటిని పునర్నిర్మించాలంటే అదే పొడవు, వెడల్పు, ఎత్తుకు కట్టుకోవడం అని చట్టంలోనే అర్థం రాసి ఉంది. దానికీ అనుమతి కావాలి. కాగితాలు ఎక్కువ, తిరుగుడు ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ లేని నిషేధానికి భయపడి ఇల్లు రాసిచ్చిన వాళ్లను చూశాను.

అపోహ: వద్దనేవాళ్లకు జనం పెరగడం ఇష్టం లేదు.

ఈ మాట నాకు బాగా కోపం తెప్పిస్తుంది. పాతబస్తీ కన్నా ఇరుకుగా, దగ్గర దగ్గరగా బతికే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది? నంద్యాల రోడ్డు వెంట వేసిన వెంచర్లలో ఎకరాకు ఎన్ని కుటుంబాలున్నాయో, చిత్తారి గేరిలో ఎన్ని ఉన్నాయో లెక్కేయండి. మాది మొదటి నుంచీ దట్టమైన ఊరే. ఎత్తుతో దట్టం కాలేదు, ఒకరినొకరు ఆనుకుని దట్టమయ్యాం.

ఆనుకుని అంటే నిజంగానే ఆనుకుని. ఇక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ. రెండడుగుల మందం, రాయీ మట్టీ, కొన్నిచోట్ల సున్నం. మీ దూలం ఆ గోడ మీదే కూర్చుంటుంది, పక్కింటి దూలమూ ఆ గోడ మీదే కూర్చుంటుంది. ఇప్పుడు కొత్త రూల్స్ చూడండి. మన రాష్ట్రంలో 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం ఎంత కట్టొచ్చన్నది ముఖ్యంగా రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ జాగా), ఎత్తు మీద ఆధారపడుతుంది. అపార్ట్‌మెంట్ కట్టాలంటే చుట్టూ జాగా వదలాలి. కొత్త లేఅవుట్‌లో అది మంచి రూలు, గాలీ వెలుతురూ వస్తాయి. పాత గేరిలో మాత్రం మధ్యలో ఉన్న ఇంటిని తీసేసి, చుట్టూ జాగా వదిలితే ఏమవుతుంది? పక్కింటి గోడ జన్మలో మొదటిసారి ఎండకూ వానకూ బయటపడుతుంది. అది లోపలి గోడ. వాన తగలాలని ఎవరూ దాన్ని కట్టలేదు. మట్టి గోడకు ఒక వానాకాలం చాలు.

మా గేరిలో ఒక చాచా ఇంటికి అంతకన్నా ఘోరం జరిగింది. పక్క మిద్దె కూల్చిన మూడో రోజు నన్ను పిలిచి, "ఏమప్పా ఇంజినీరూ, నా ఇంటికి ఇన్నాళ్లు మూడు గోడలే ఉన్నాయని ఇప్పుడు తెలిసింది" అన్నారు. నాలుగోది పక్కింటి వాళ్లది. వాళ్ల గోడను వాళ్లు తీసుకుపోయారు. తప్పెవరిది? కూల్చే ముందు ఉమ్మడి గోడ ఎవరి పట్టాలో ఎంత ఉందో చూసి, చాచా దూలాల కింద ఊతకర్రలు పెట్టి, ఆ తర్వాత పని మొదలుపెట్టాల్సింది. ఆ ప్లాన్ నేను గీసింది కాదు గానీ, నేను గీసిన ప్లాన్లలో కూడా పక్కింటి గోడను ఒక సన్న గీతగానే చూపిస్తాం. ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసే డ్రాయింగ్‌లో పక్కింటి దూలం ఎక్కడ ఆనిందో అడిగే గడి లేదు.

అద్దెకుండే వాళ్ల సంగతి కూడా ఇందులోకే వస్తుంది. పెద్ద మార్కెట్‌లో కూరగాయలు అమ్మేవాళ్లు, షరాఫ్ బజార్‌లో పనిచేసే కుర్రాళ్లు తక్కువ అద్దెకు ఉండేది ఈ మిద్దెల వెనక గదుల్లోనే. అపార్ట్‌మెంట్ వస్తే ఫ్లాట్లు పెరుగుతాయి, నిజం. అవే మనుషులు అందులోకి రారు. జాగా యజమానికి సగం ఫ్లాట్లు, బిల్డర్‌కు సగం అని డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రాసుకుంటారు. వెనక గదిలో ఉన్నవాడి పేరు ఆ అగ్రిమెంట్‌లో ఏ పేజీలోనూ ఉండదు. నంద్యాల చెక్‌పోస్ట్ అవతల ఖాళీ జాగాల్లో ఐదు కాదు, పది అంతస్తులు కట్టమనండి, నేనే ప్లాన్ గీసిస్తా.

అపోహ: పాత మిద్దెలు ఎలాగూ పడిపోయేవే.

వానలకు ముందు శిథిల భవనాలకు నోటీసులు అంటిస్తారు. అందులో నిజంగా కూల్చాల్సినవి ఉంటాయి, వాటి గురించి వాదించను. ప్రాణం కన్నా గోడ ఎక్కువ కాదు. కానీ మన మిద్దె ఎందుకు పాడవుతుందో తెలిస్తే సగం ఇళ్లు నిలబడతాయి. దూలాలు, వాటికి అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, ఆ పైన మట్టి, అన్నిటి మీదా నీరు దిగనివ్వని చవుడు మట్టి. వానలకు ముందు ఏటా చవుడు పోయించేవారు మన తాతలు. ఆ పని మానేశాం. కారుతోందని పైన సిమెంటు పోశాం, గోడలకు లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. మట్టి, సున్నం గోడ చెమ్మను పీల్చి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే ఉండిపోయి రాళ్ల మధ్య మట్టిని కరిగిస్తుంది, దూలం చివర కుళ్లుతుంది. పైకి నున్నగా, రంగు వేసి, బ్రహ్మాండంగా ఉంటుంది. నేను చూసిన ప్రమాదకరమైన ఇళ్లలో ఎక్కువ భాగం బాగా రిపేరు చేయించిన ఇళ్లే.

అపోహ: పునాది ఎత్తు లేపితే వరద బాధ ఉండదు.

2009 అక్టోబర్ 2. కర్నూలు వాడికి ఆ తేదీ చెబితే చాలు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసే ఊరు ఇది. ఆ రోజు పాతబస్తీ మునిగింది. ఆ తర్వాత కొత్తగా కట్టే ప్రతివాడూ జాగాలో మట్టి పోయించి నాలుగడుగులు లేపాడు. లేపిన వాడి ఇంట్లోకి నీళ్లు రావు, సరే. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? లేపని వాడి ఇంట్లోకి. పెద్ద వరద దాకా ఎందుకు, ఇప్పుడు గంట సేపు గట్టి వాన పడితే గేరి కాలువలు పొంగి, పాత గడపలు దాటుతున్నాయి. పాత ఇళ్ల మధ్యలో వాకిలి ఉండేది, అక్కడ కొంత నీరు ఇంకేది. అపార్ట్‌మెంట్‌కు జాగా అంతా కాంక్రీటు, బండలు. ఇంకుడు గుంత ప్లాన్‌లో ఉంటుంది. నేలలో ఉందో లేదో వెళ్లి చూడండి.

సెల్లార్ అయితే ఇంకో కథ. నది పక్క ఊళ్లో నేల కింద బండి పార్కింగ్ అంటే, ఏటా మోటారు పెట్టి నీళ్లు తోడుకునే ఏర్పాటు చేసుకున్నట్టే.

అపోహ: రెండంతస్తులు తగ్గిస్తే గొడవ తీరిపోతుంది.

రాజీకి కూర్చున్న ప్రతిసారీ బేరం ఇక్కడే మొదలవుతుంది. ఐదంటే మూడు, మూడంటే నాలుగు. కూరగాయల బేరం లాగా. అంతస్తుల లెక్క కన్నా గుంత లోతు చూడండి. పాతబస్తీలో నేను తవ్వించి చూసిన పాత పునాదులు మూడు నాలుగు అడుగుల లోపే. వాటి పక్కన పది పన్నెండు అడుగుల గుంత తవ్వితే, కట్టేది రెండంతస్తులైనా పక్క పునాది కింది మట్టి గుంతలోకి జారుతుంది. జాగా అంతా ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి, పక్కకు ఊతం కట్టి, ఆ ముక్క పూడ్చాక తర్వాతి ముక్క తవ్వాలి. దానికి రోజులు పడతాయి, ఖర్చవుతుంది. జేసీబీ వాడికి గంటకింత. వాడు రాత్రికి రాత్రే పని ముగించి పోతాడు.

రోడ్డు వెడల్పు కూడా నేల మీద కొలవండి. కాగితం మీద మాస్టర్ ప్లాన్ ప్రకారం ముప్పై అడుగులు అని ఉంటుంది, ఆటో ఎదురొస్తే మనం అరుగెక్కాల్సిన గేరి అది. వెడల్పు కోసం ఆ ఒక్క ప్లాటు వెనక్కి జరుగుతుంది, మిగతా గేరి ఎక్కడిదక్కడే ఉంటుంది. ఫైరింజన్ అక్కడి దాకా రావాలి కదా?

అపోహ: వంద సంతకాలు పెట్టి కలెక్టర్ గారికి ఇస్తే ఆగిపోతుంది.

మేమూ ఇచ్చాం. సోమవారం గ్రీవెన్స్‌లో రసీదు ఇచ్చారు. "మా వారసత్వం, మా జ్ఞాపకాలు" అని రెండు పేజీలు రాశాం, నా చేతిరాతే. దాని మీద ఎవరైనా ఏం చేయగలరు? ఆఫీసర్‌కు కావాల్సింది ఏ రూలు తప్పారో. సమాచార హక్కు కింద అప్రూవ్డ్ ప్లాన్ కాపీ అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ కాపీ పట్టుకుని టేపుతో కొలిచి, ఈ పక్క ఇంత వదలాలి, ఇంతే వదిలారు అని ఒకే పేజీ రాయండి. వార్డు ప్లానింగ్ సెక్రటరీ కూడా అప్పుడే వచ్చి చూస్తాడు.

పని మొదలయ్యాక ఇక అంతే అనుకోవడమూ తప్పే. అపార్ట్‌మెంట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో కొంత భాగం కార్పొరేషన్ పేర తనఖా పెట్టించుకుంటారు. పని ప్లాన్ ప్రకారం అయిందని ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇచ్చాకే అది విడిపిస్తారు. ఆ ఫ్లాట్లు అమ్ముకోవాలంటే బిల్డర్‌కు ఓసీ కావాలి. రాతపూర్వకంగా మీ అభ్యంతరం అంతకుముందే ఫైల్లో ఉంటే దానికి బలం ఉంటుంది. ఇక పక్క నేల ఇచ్చే ఆధారం మీద మీ గోడ 20 ఏళ్లు అడ్డు లేకుండా నిలబడి ఉంటే, ఆ ఆధారం మీ హక్కు అని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతుంది. గాలికీ వెలుతురుకూ అదే చట్టం. దానికి సివిల్ కోర్టుకు వెళ్లాలి. కోర్టు మొదట అడిగేది గోడ ముందు ఎలా ఉండేదో చూపించమని.

నేను దెబ్బతిన్నది అక్కడే. మా పడమర పక్కన గుంత తవ్వినప్పుడు మా గోడకు పైనుంచి కిందికి బీట వచ్చింది. బిల్డర్ వచ్చి చూసి, "అది పాత బీటే సార్, మీకు తెలియనిదేముంది" అన్నాడు. ఊళ్లో అందరి ఇళ్లూ కొలిచి ఫోటోలు తీసేవాణ్ని, నా ఇంటి గోడ ఫోటో ఒక్కటీ లేదు. మా ఆవిడ పెళ్లి ఆల్బమ్ అంతా తిరగేసింది, ఆ గోడ ముందు నిలబడిన ఫోటో ఏదైనా దొరుకుతుందేమోనని. దొరికింది గానీ, బీట ఉండాల్సిన చోట మా మామగారు నిలబడి ఉన్నారు.

మీ పక్క ఇల్లు చేతులు మారిందని తెలిసిన రోజే గోడలన్నీ తేదీ పడేలా ఫోటోలు తీయండి. ఆ రోజు పేపరు గోడ పక్కన పట్టుకుని తీస్తే ఇంకా మంచిది. పాత బీటలుంటే దాచొద్దు, వాటికీ తీయండి. బీటకు అడ్డంగా సన్నటి గాజు పలక ఒకటి రెండు చివర్లా అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. మా పడమర గోడకు ఇప్పుడు మూడు పలకలున్నాయి. రెండు బాగున్నాయి.