టీబీ అని రాస్తే మనిషిని తీసుకుపోతారా?

హైదరాబాద్‌లో బస్తీల మధ్య ఉన్న ఒక అర్బన్ హెల్త్ సెంటర్‌లో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. తెమడ పరీక్షలో టీబీ అని తేలిన రోజు చాలామంది అడిగే మొదటి మాట మందుల గురించి కాదు. "మేడం, మా పేరు మాత్రం పైకి పంపకండి" అంటారు. పేరు ఆన్‌లైన్‌లో ఎక్కితే అంబులెన్స్ వచ్చి ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికి తీసుకుపోతుందని, ఆరు నెలలు ఇంటి మొహం చూడనివ్వరని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. భయపడేవాళ్ల మీద నాకు కోపం లేదు. తెలిసీ తెలియక ఈ మాట పదిమందికి చేరవేసేవాళ్ల మీద మాత్రం చాలా ఉంది.

అపోహ: కేసు నోటిఫై అయితే, అంటే ప్రభుత్వానికి తెలియజేస్తే, రోగి ప్రభుత్వం చేతిలోకి వెళ్లిపోతాడు.

వాస్తవం: టీబీ కేసు ప్రతిదీ తెలియజేయాలని కేంద్రం 2012లోనే ఆదేశించింది, 2018 మార్చిలో గెజిట్ ఇచ్చి శిక్ష కూడా జోడించింది. ఆ శిక్ష ఎవరికో తెలుసా? కేసు దాచిన డాక్టరుకు, ఆస్పత్రికి, ల్యాబ్‌కు, మందుల షాపుకు. అప్పట్లో ఐపీసీ 269, 270 సెక్షన్లు, ఇప్పుడు వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 271, 272. ఆ ఆదేశంలో రోగిని బంధించమని గానీ, పేరు ఇవ్వకపోతే రోగికి శిక్ష వేయమని గానీ ఎక్కడా లేదు. పేరు ప్రభుత్వ టీబీ వెబ్‌సైట్ అయిన నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కితే నిజంగా జరిగేది ఇంతే: ఒక ఐడీ వస్తుంది, మందులు ఉచితంగా వస్తాయి, బలమైన తిండి కోసం నెలకు రూ.1,000 బ్యాంకు ఖాతాలో పడుతుంది (2024 నవంబర్‌కు ముందు 500 ఉండేది), మా స్టాఫ్ ఇంటికి వచ్చి మిగతావాళ్లకు, ముఖ్యంగా చిన్నపిల్లలకు, జబ్బు ఉందో లేదో చూస్తారు. అవసరమైతే జబ్బు రాకుండా వాళ్లకూ మందు ఇస్తారు.

ఈ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 2020లో మన వీధుల్లో బారికేడ్లు కట్టారు, చేతుల మీద క్వారంటైన్ ముద్రలు వేశారు, పీపీఈ కిట్లు వేసుకున్నవాళ్లు వచ్చి పక్కింటాయనను గాంధీ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే అందరం కిటికీల్లోంచి చూశాం. అదంతా 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద జరిగింది. మామూలు చట్టాలు చాలని పరిస్థితి వచ్చిందని ప్రభుత్వం భావించి, ప్రత్యేకంగా ఉత్తర్వులు ఇస్తేనే ఆ అధికారాలు నడుస్తాయి. టీబీ నోటిఫికేషన్‌కు వాటితో సంబంధం లేదు. అంతెందుకు, ఆ కరోనా రోజుల్లో కూడా విపత్తు చట్టం కింద సంబంధిత అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించకూడదని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

మా ఏరియాలో టైలరింగ్ చేసుకునే ఒకావిడ భర్త ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుని, కావాలనే పాత అడ్రస్, తప్పు ఫోన్ నంబర్ ఇచ్చాడు. మా హెల్త్ విజిటర్ మందుల పెట్టె పట్టుకుని ఆ గల్లీ అంతా తిరిగి వచ్చింది. ఆయన బయట కొన్నాళ్లు మందులు కొనుక్కుని, దగ్గు తగ్గగానే మానేశాడు. మళ్లీ ముదిరాక ఆవిడే ఆయన్ని తీసుకొచ్చింది. ఎక్స్‌రే కవరును బీరువాలో చీరల అడుగున దాచిందట, అత్తగారికి కూడా తెలియకుండా. "గవర్నమెంటుల పేరు ఎక్కితే మనిషిని తీస్కపోతరన్నరు మేడం, పిల్లలతోని నేనెట్ల బతకాలె" అని ఏడ్చింది. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ అని ట్రూనాట్ పరీక్షలో తేలింది. ఇప్పుడు మందులు వేరు, సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువ, ఈసీజీలు, రక్తపరీక్షలు అదనం. చివరికి ఆయన పని కూడా పోయింది. పోగొట్టింది పోర్టల్‌లో ఎక్కిన పేరు కాదు, తిరగబెట్టిన జబ్బు.

మరి ఇంటి ఓనర్‌కు తెలిసిపోతుందా? డాక్టర్లు రోగి రహస్యం కాపాడాలన్నది వృత్తి నియమం. నోటిఫై చేయాల్సిన జబ్బులకు ఆ నియమంలో మినహాయింపు ఉంది, నిజమే. కానీ ఆ సమాచారం ప్రజారోగ్య అధికారులకు వెళ్లాలి తప్ప ఓనర్‌కో, కాలనీ అసోసియేషన్‌కో కాదు. మా వాళ్లలో ఎవరైనా గల్లీలో నిలబడి జబ్బు పేరు గట్టిగా చెబితే అది వాళ్ల తప్పు, జిల్లా టీబీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఇంటికి రావడం ఇష్టం లేకపోతే ముందే చెప్పండి, సెంటర్‌లోనే కలుస్తాం. టీబీతో పాటు హెచ్‌ఐవీ పరీక్ష చేస్తామంటాం, దానికి మీ సమ్మతి తప్పనిసరి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమే ఆ మాట చెబుతోంది. ఇంకో సంగతి, మందుల షాపులో కొంటే ఎవరికీ తెలియదనుకోకండి. టీబీ మందులు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి, రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి.

ఆరోగ్య చట్టాల గురించి జనం అడిగే మిగతా ప్రశ్నలకు గబగబా జవాబు చెప్పేస్తాను. కరోనా టీకా బలవంతంగా వేస్తారా? ఎవరినీ బలవంతపెట్టకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, అయితే ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని కూడా అంది. దోమల సిబ్బందిని లోపలికి రానివ్వక్కర్లేదా? కార్పొరేషన్ చట్టంలో తనిఖీ అధికారం ఉంది, డ్రమ్ములో నీళ్లు చూసి పోతారు, రానివ్వండి. తెలంగాణలో అప్పట్లో పెట్టిన పచ్చిగుడ్డు మయోనైజ్ నిషేధం ఉత్త ప్రకటనేనా? కాదు, 2024 అక్టోబర్‌లో ఆహార భద్రతా చట్టం సెక్షన్ 30 కింద ఏడాది పాటు అని ఇచ్చిన ఆదేశం. ఆహార భద్రతా కమిషనర్‌కు ఆ అధికారం ఉంది.

ప్రైవేట్‌లో చూపించుకుంటున్నా పర్వాలేదు, డాక్టరు మార్చక్కర్లేదు, నిక్షయ్ ఐడీ మాత్రం అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే, లేదా డబ్బులు పడకపోతే, టోల్ ఫ్రీ నంబర్ 1800-11-6666. మా దగ్గరికి వచ్చేటట్లయితే పాత ఎక్స్‌రే, వాడిన మందుల స్ట్రిప్పులు, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకురండి. స్ట్రిప్పులు ఖాళీవైనా సరే, పేర్లు కనిపిస్తే చాలు.