ఇంట్లో ఫ్రూట్ క్రంబుల్: అపోహలు, వాస్తవాలు

కింద పండు ముక్కలు, పైన పిండీ బటరూ పంచదారా కలిపి నలిపిన పొడి. ఓవెన్‌లో ముప్పావుగంట. క్రంబుల్ అంటే ఇంతే. గుడ్డు అక్కర్లేదు, పిండి పొంగనక్కర్లేదు, అప్పడాల కర్రతో పని లేదు. ఇంట్లో మొదటిసారి బేకింగ్ చేసేవాళ్లకు ఇంతకన్నా తేలికైన తీపి దొరకదు.

అలాంటిది కూడా చెడిపోతుంది, అదీ దాదాపు ప్రతిసారీ ఒకే రకంగా: అడుగున నీళ్లు, పైన మెత్తబడిన పిండి. యాపిల్ బరువులో సుమారు 85 శాతం నీరే. పీచ్‌లో 89, స్ట్రాబెర్రీలో 91 శాతం దాకా ఉంటుంది. అంటే 750 గ్రాముల యాపిల్ ముక్కల్లో 600 మిల్లీలీటర్లకు పైగా నీరు దాగి ఉంది. వేడి తగలగానే అందులో చాలా భాగం బయటికొస్తుంది. దానిలో కొంత ఆవిరై పోవాలి, కొంత చిక్కబడాలి, పైపొరలోకి మాత్రం ఎక్కకూడదు. క్రంబుల్ గురించి వినిపించే తప్పు సలహాల్లో చాలావరకు ఈ నీటి సంగతి మరిచిపోయి చెప్పినవే.

ముందు కొలతలు. 20 సెంటీమీటర్ల చదరపు డిష్, 5 సెంటీమీటర్ల లోతు. తొక్క, గింజలు తీశాక 750 గ్రాముల యాపిల్ (కోయకముందు 900 గ్రాములు, మధ్యరకం కాయలు ఆరు), 50 గ్రాముల పంచదార, ఒక టేబుల్‌స్పూన్ కార్న్‌ఫ్లోర్, ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం, అర టీస్పూన్ దాల్చినచెక్క పొడి. పైపొరకు 150 గ్రాముల మైదా, 100 గ్రాముల బటర్, 75 గ్రాముల పంచదార, పావు టీస్పూన్ ఉప్పు. ఉప్పున్న బటర్ వాడితే ఈ ఉప్పు మానేయండి. ఓవెన్ 180 డిగ్రీల సెల్సియస్, 40 నుంచి 45 నిమిషాలు. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 160 డిగ్రీలు చాలు.

అపోహ: బాగా మగ్గి మెత్తబడిన పండే దీనికి మంచిది

పచ్చిగా తినడానికి బాగుండే పండు వేరు, ఓవెన్‌లో 45 నిమిషాలు నిలబడే పండు వేరు. పండు మగ్గేకొద్దీ ముక్కను పట్టి ఉంచే పెక్టిన్ కరుగుతూ వస్తుంది. మెత్తబడిపోయిన పండును ఓవెన్‌లో పెడితే జావ అవుతుంది, రసం ఒక్కసారిగా బయటికొస్తుంది. పీచ్, ప్లమ్, పియర్, మామిడి ఏదైనా సరే, వేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి, గుంట పడకూడదు.

యాపిల్స్‌లో రకాన్ని బట్టి తేడా ఇంకా ఎక్కువ. పుల్లటి గ్రానీ స్మిత్ ముక్క ఆకారం చెడకుండా ఉడుకుతుంది, పుల్లదనం పైపొర తీపిని సరిచేస్తుంది. మెకింటోష్ గుజ్జయిపోతుంది. ఎర్రటి రెడ్ డెలిషియస్ చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఉడికాక పిండిపిండిగా, చప్పగా తేలుతుంది. ఒకే రకం దొరికితే దానితోనే చేయండి, అది తియ్యటి రకమైతే నిమ్మరసం మరో రెండు టీస్పూన్లు పెంచండి. రెండు రకాలు దొరికితే పుల్లటివి రెండొంతులు, తియ్యటివి ఒక వంతు వేయండి. మేం ముందు సూచించేది ఈ మిశ్రమాన్నే.

ముక్క మందం సెంటీమీటరున్నర ఉండాలి. పల్చటి చెక్కలు తొందరగా నలిగిపోతాయి. ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అయితే ఒకే డిష్‌లో కొంత జావ, కొంత పచ్చి. కోసిన ముక్కలు నల్లబడుతున్నాయని నీళ్లలో నానబెట్టేవాళ్లున్నారు. అది వద్దు, మళ్లీ నీరు చేర్చినట్టవుతుంది. నిమ్మరసం కలిపితే చాలు, పైగా ఉడికాక ఆ రంగు ఎలాగూ తెలియదు.

అపోహ: కార్న్‌ఫ్లోర్ వేశాం కాబట్టి రసం చిక్కబడుతుంది

వేస్తే చాలదు, అది ఉడకాలి. కార్న్‌ఫ్లోర్ రేణువులు 65–70 డిగ్రీల దగ్గర ఉబ్బడం మొదలుపెడతాయి. పూర్తిగా చిక్కబడాలంటే వేడి 95 డిగ్రీల దాకా వెళ్లాలి. పంచదార ఉన్నచోట ఇంకొంచెం ఆలస్యం. డిష్ అంచుల్లో రసం ఎప్పుడో ఉడుకుతుంది, మధ్యలో మాత్రం చివరికి ఉడుకుతుంది. అంచుల్లో బుడగలు చూసి తీసేస్తే మధ్యలో పచ్చిపిండి వాసన, పల్చటి నీళ్లు. మధ్యలో కూడా చిక్కటి బుడగలు నెమ్మదిగా పగులుతూ కనబడాలి. అలా కనబడ్డాక మరో ఐదు నిమిషాలు ఉంచండి.

పైన ఎర్రబడింది కదా అని తీయడం కూడా ఇదే తప్పు. రంగు పైపొర గురించి మాత్రమే చెబుతుంది. పైన రంగొచ్చి మధ్యలో బుడగలు లేకపోతే, పైన ఫాయిల్ వదులుగా పరిచి ఇంకో పది నిమిషాలు ఉంచండి. ఫాయిల్ అంచులు బిగించవద్దు. ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే అదంతా తిరిగి పైపొర మీదే కురుస్తుంది.

ఇంకో తిరకాసు పేరులో ఉంది. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లగా, వేళ్ల మధ్య కిర్రుమనే శుద్ధమైన పిండిపదార్థం. పసుపచ్చటి మొక్కజొన్న పిండి అది కాదు. అది గింజ మొత్తం విసిరిన పిండి, అంత చిక్కదనం ఇవ్వదు, రసాన్ని గరుగ్గా చేస్తుంది. కార్న్‌ఫ్లోర్ లేకపోతే కస్టర్డ్ పౌడర్ అంతే కొలతలో వాడొచ్చు. అందులో ఉండేది ముఖ్యంగా కార్న్‌ఫ్లోరే, రంగూ వాసనా అదనం.

ఎంత వేయాలన్నది పండును బట్టి మారుతుంది. యాపిల్‌కు సొంత పెక్టిన్ ఎక్కువ, ఒక టేబుల్‌స్పూన్, అంటే సుమారు 8 గ్రాములు సరిపోతుంది. పీచ్, ప్లమ్, పైనాపిల్‌కు రెండు. స్ట్రాబెర్రీ లాంటి రసం పండ్లకు మూడు దాకా వెళ్లొచ్చు. దాన్ని ముందు పంచదారలో కలిపి, ఆ తర్వాతే ముక్కల మీద చల్లండి. నేరుగా తడి ముక్కల మీద వేస్తే ఉండలు కడుతుంది. పంచదార కలిపిన ముక్కల్ని గంటలకొద్దీ పక్కన పెట్టకండి, పంచదార రసాన్ని లాగేస్తుంది. ఒకవేళ రసం చేరితే పారబోయకండి, అందులోనే వాసనంతా ఉంది. చిన్న గిన్నెలో సగమయ్యేదాకా మరిగించి తిరిగి పోయండి.

అపోహ: బటర్ గడ్డకట్టినంత చల్లగా లేకపోతే క్రంబుల్ పాడవుతుంది

ఈ నియమం ‘పై’ (pie) లాంటి పొరల పేస్ట్రీది. అక్కడ చల్లటి బటర్ ముక్కలు పిండి పొరల మధ్య కరిగి, వాటిలోని నీరు ఆవిరై పొరలు విడదీస్తుంది. క్రంబుల్‌లో పొరలే లేవు. చల్లటి బటర్‌ను సెంటీమీటరు ముక్కలుగా కోసి, మైదాలో వేళ్ల కొసలతో నలిపితే తేలికైన, గుల్లగా ఉండే పొడి వస్తుంది. కరిగించి చల్లార్చిన బటర్ పోసి ఫోర్కుతో కలిపితే పెద్ద ఉండలు, గట్టి కరకర వస్తాయి. రెండూ సరైనవే. తొందరలో ఉన్నవాళ్లకు కరిగించిన పద్ధతే చెబుతాం, అందులో పొరపాటు పడే వీలు తక్కువ.

చెడేది మధ్యస్థితిలో ఉన్న బటర్‌తో. గది వేడికి జిడ్డుగా మెత్తబడిన బటర్‌ను అరచేతులతో చాలాసేపు పిసికితే పొడి కాస్తా ముద్దవుతుంది. ఓవెన్‌లో ఆ ముద్ద కరిగి, పరుచుకుని, ఒకే పలక అవుతుంది. ముద్దయితే కంగారు పడొద్దు: ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక చేత్తో తుంపుకోండి.

సరిగ్గా కుదిరిన పొడి తడి ఇసుకలా ఉంటుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ఉండ కావాలి, వేలితో తడితే విరగాలి. చల్లేముందు కొంత పొడిని అలా నొక్కి, శనగగింజంత, ఉసిరికాయంత ఉండలుగా చిదిమి, మిగతాది పొడిగానే చల్లండి. ఉండలూ పొడీ కలిసి ఉన్నప్పుడే పంటికింద బాగుంటుంది.

అపోహ: పైపొరను గరిటెతో నొక్కి చదును చేయాలి

అస్సలు వద్దు. కింద పుట్టే ఆవిరి ఆ పొడిలోని సందుల గుండానే బయటపడాలి. నొక్కితే దారి మూసుకుపోతుంది, పొర అడుగుభాగం ఉడికిన పిండిలా అంటుకుంటుంది. వదులుగా చల్లి వదిలేయండి. అంచుల దగ్గర అక్కడక్కడా పండు కనిపిస్తే మంచిదే, బుడగలు చూడటానికి వీలవుతుంది.

అపోహ: పంచదార సగానికి తగ్గించినా తేడా ఏమీ ఉండదు

పండులో తగ్గించండి, ఇబ్బంది లేదు. పండు తియ్యగా ఉంటే పూర్తిగా మానేయొచ్చు కూడా. పైపొరలో మాత్రం పంచదార చేసే పని తీపితో ఆగదు. అది వేడికి కరిగి, చల్లారాక గట్టిపడి, పొడికి కరకర ఇస్తుంది, రంగు తెస్తుంది. 150 గ్రాముల మైదాకు 75 గ్రాములున్న పంచదారను 50కి దించొచ్చు. అంతకన్నా దిగితే తెల్లగా, పొడిపిండి నమిలినట్టు ఉంటుంది. బ్రౌన్ షుగర్ వాడితే వాసన పెరుగుతుంది, కానీ దానిలోని తేమవల్ల కరకర కొంచెం తగ్గుతుంది. రెండూ సగం సగం కలపడం మంచి మార్గం. బ్రౌన్ షుగర్ ఆరోగ్యానికి మేలన్న మాట మాత్రం నమ్మకండి, తేడా కొద్దిపాటి మొలాసిస్ (పంచదార తయారీలో మిగిలే నల్లటి పాకం) మాత్రమే.

అపోహ: బేకింగ్ పౌడర్ వేస్తే తేలిగ్గా వస్తుంది

క్రంబుల్‌కు అది అవసరం లేదు. మెత్తటి పిండి ముద్దలు పైన పెట్టి చేసే కాబ్లర్‌కు కావాలి. ఓట్స్ వేసి చేసేదాన్ని చాలామంది క్రిస్ప్ అంటారు. ఓట్స్ వేయాలనిపిస్తే మైదాలో 50 గ్రాములు తగ్గించి, ఆ స్థానంలో రోల్డ్ ఓట్స్ వేయండి. రెండు నిమిషాల్లో ఉడికే ఇన్‌స్టంట్ రకం జిగురవుతుంది.

అపోహ: పండును ముందే ఉడికించడం దండగ

బెర్రీలకు దండగే. యాపిల్‌కు, గట్టి పియర్‌కు మాత్రం ఎనిమిది నిమిషాల పని చాలా తేడా తెస్తుంది. యాపిల్ పరిమాణంలో దాదాపు నాలుగో వంతు గాలి. ఓవెన్‌లో ఆ గాలి పోయి ముక్కలు కుంగుతాయి, ఈలోగా పైపొర గట్టిపడి ఉంటుంది కాబట్టి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. ముందే కొంత ఉడికిస్తే కుంగాల్సింది గిన్నెలోనే కుంగుతుంది, అదనపు నీరూ అక్కడే పోతుంది.

వెడల్పాటి గిన్నెలో ముక్కలు, పంచదార, ఒక టేబుల్‌స్పూన్ బటర్ వేసి, సన్నమంట మీద మూత పెట్టి ఆరేడు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు మూత తీసి. అంచులు మెత్తబడి మధ్యలో ఇంకా గట్టిగా ఉండగా దించేయాలి. సన్నమంట ఎందుకంటే, 60–70 డిగ్రీల మధ్య యాపిల్‌లోని ఒక ఎంజైము పెక్టిన్‌ను బిగిస్తుంది, తర్వాత ఎంత వేడి తగిలినా ముక్క అంత తేలిగ్గా చెదరదు. పెద్దమంట మీద నేరుగా మరిగిస్తే ఆ అవకాశం పోతుంది. ముక్కలు పూర్తిగా చల్లారాక కార్న్‌ఫ్లోర్ కలపండి, తర్వాత పైపొర చల్లండి. వేడి పండు మీద చల్లితే బటర్ ఓవెన్‌కు వెళ్లకముందే కరిగి కిందికి దిగుతుంది.

అపోహ: ఫ్రోజెన్ పండును కరిగించాకే వాడాలి

గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు పండు కణాల్ని చీల్చేస్తాయి. కరిగించారంటే రసమంతా గిన్నెలో ఉంటుంది, చేతిలో పిప్పి మిగులుతుంది. గడ్డగానే కార్న్‌ఫ్లోర్, పంచదార కలిపి డిష్‌లో వేయండి. కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్‌స్పూన్ ఎక్కువ, సమయం 10–15 నిమిషాలు ఎక్కువ. గాజు డిష్ వాడుతుంటే జాగ్రత్త: మంచుముక్కలతో నింపిన గాజును, లేదా ఫ్రిజ్ నుంచి తీసిన గాజును మండే ఓవెన్‌లో పెడితే పగలొచ్చు. అలాంటప్పుడు పింగాణీ పూత ఉన్న లోహపు డిష్ వాడండి. పూత లేని అల్యూమినియం, ఇనుము పుల్లటి పండ్లతో కలిసి లోహపు రుచి తెస్తాయి.

అపోహ: మామూలు మైక్రోవేవ్‌లో కూడా అయిపోతుంది

పండు ఉడుకుతుంది, పైపొర ఎర్రబడదు. మైక్రోవేవ్ ముఖ్యంగా పదార్థంలోని నీటిని వేడి చేస్తుంది, అది 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పిండికి రంగూ వాసనా రావాలంటే పైభాగం తడారి 140 డిగ్రీలు దాటాలి. కన్వెక్షన్ మోడ్ ఉంటే దానిలో ముందుగా వేడిచేసి వాడుకోవచ్చు. లేకపోతే పండును మైక్రోవేవ్‌లోనే ఉడికించి, పొడిని మందపాటి పాన్‌లో సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు కలుపుతూ వేయించి, తినే ముందు చల్లుకోండి. రుచిలో పెద్దగా లోటుండదు.

ఓటీజీలో (బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో) కింద, పైన రెండు రాడ్లూ పనిచేయాలి. కనీసం పది పదిహేను నిమిషాలు ముందే వేడి చేయండి, మధ్య అరలో పెట్టండి. చిన్న ఓవెన్లలో డయల్ మీద అంకెకూ లోపలి వేడికీ 15–20 డిగ్రీల తేడా ఉండటం మామూలే. లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి ఉంటే చాలా గందరగోళం తప్పుతుంది.

అపోహ: ఓవెన్ నుంచి తీయగానే వడ్డించాలి

తీసిన వెంటనే రసం పల్చగానే ఉంటుంది, నోరూ కాలుతుంది. కార్న్‌ఫ్లోర్, పెక్టిన్ రెండూ చల్లారేకొద్దీ బిగుస్తాయి. 20 నుంచి 30 నిమిషాలు ఆగితే అదే రసం చెంచాకు పట్టేంత చిక్కబడుతుంది. ఈలోగా మూత పెట్టకండి.

మిగిలితే పూర్తిగా చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచొచ్చు. మళ్లీ వేడి చేయడానికి ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. మైక్రోవేవ్‌లో పెడితే పైపొర మెత్తబడుతుంది. పచ్చి పొడిని మాత్రం రెట్టింపు చేసి సగం ఫ్రీజర్‌లో దాచుకోండి, గాలి తగలని డబ్బాలో రెండు నెలలు నిలుస్తుంది. కరిగించకుండా గడ్డగానే పండు మీద చల్లి ఓవెన్‌లో పెట్టేయొచ్చు.