ముద్దాయి బోను నుంచి పక్క కుర్చీలోకి

పిల్లాడు బడికి వెళ్లనంటున్నాడనో, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడనో కౌన్సెలర్ దగ్గరికి బయల్దేరిన అమ్మానాన్నలకు రెండు రకాల టెన్షన్ ఉంటుంది. ఒకటి పిల్లాడి గురించి. రెండోది పైకి చెప్పుకోరు. "ఇదంతా మీ పెంపకం వల్లే" అంటారేమోనని భయం. ఆ భయం ఉత్త పుణ్యానికి పుట్టలేదు. గత శతాబ్దంలో చాలా ఏళ్లు నిపుణులు సరిగ్గా ఆ మాటే అన్నారు.

మొదట్లో అలా లేదు. 1896లో లైట్‌నర్ విట్మర్ అనే సైకాలజిస్ట్ అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మానసిక క్లినిక్ తెరిచినప్పుడు, మొదటి కేసు స్పెల్లింగ్ ఎంతకీ రాని 14 ఏళ్ల కుర్రాడిది. తీసుకొచ్చింది అతని టీచర్. పరీక్షిస్తే చూపులో లోపం బయటపడింది. కళ్లజోడు పెట్టించి, విడిగా చదువు చెప్పించారు. అందులో ఎవరి తప్పూ వెతకలేదు.

దారి మళ్లింది షికాగోలో. అక్కడ 1899లో పిల్లల కోసం ప్రత్యేక కోర్టు పెట్టారు. దొంగతనాలు చేసి పట్టుబడ్డ పిల్లలు ఎందుకలా అవుతున్నారో తేల్చడానికి 1909లో విలియం హీలీ అనే డాక్టరు ఒక సంస్థ మొదలుపెట్టాడు. 1922 నుంచి కామన్‌వెల్త్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ డబ్బుతో ఇదే తరహా క్లినిక్‌లు చాలా నగరాలకు పాకాయి. సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్ కలిసి పనిచేసే పద్ధతి అప్పుడే స్థిరపడింది. ముగ్గురూ కలిసి ఒక బిడ్డ గురించి ఆలోచించడం గొప్ప సంగతే. కానీ ఆ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. పిల్లాడిని డాక్టరు ఒక గదిలో చూస్తుంటే, తల్లిని సోషల్ వర్కర్ ఇంకో గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగేది. పిల్లాడి జబ్బుకు మూలం ఆ రెండో గదిలో ఉందనే ఊహ అలా మెల్లగా బలపడింది. తండ్రిని పిలవాలన్న ఆలోచన చాలామందికి వచ్చినట్టే లేదు. ఈ రోజుకీ తండ్రులు కౌన్సెలింగ్‌కు రావడం తక్కువే, ఆ అలవాటు వేళ్లు ఇక్కడివే అని నా అనుమానం.

ఈ ఊహ అతి క్రూరంగా తగిలింది ఆటిజం, అంటే మనుషులతో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే తీరు ఉన్న పిల్లల తల్లులకు. 1943లో లియో కానర్ అనే పిల్లల సైకియాట్రిస్ట్ 11 మంది పిల్లల్ని వర్ణిస్తూ రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకం దృష్టికి వచ్చింది. అది పుట్టుకతోనే వస్తుందని ఆయన అందులోనే రాశాడు. కానీ కొన్నేళ్లకే, ఈ పిల్లలు ఆప్యాయత లేని ఇళ్లలో ఫ్రిజ్‌లో పెట్టినట్టు పెరిగారని అర్థం వచ్చేలా మాట్లాడాడు. షికాగోలో ఇలాంటి పిల్లల బడి నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ దాన్ని ఇంకా దూరం లాక్కెళ్లి, తల్లి తిరస్కారమే కారణమని 1967లో ఏకంగా పుస్తకం రాశాడు. ఒక తరం తల్లులు బిడ్డను సాకుతూనే, బిడ్డను పాడు చేసిందన్న నిందా మోశారు.

ఎదురు తిరిగింది కూడా తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అమెరికా నౌకాదళంలో పనిచేసే సైకాలజిస్ట్, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి. ఆటిజానికి మూలం శరీరంలోనే ఉందని 1964లో పుస్తకం రాసి, మరుసటి ఏడాది మిగతా తల్లిదండ్రులతో కలిసి సంఘం పెట్టాడు. బ్రిటన్‌లో 1962లోనే అలాంటి సంఘం వెలిసింది. దాన్ని స్థాపించిన వారిలో ఒకరైన లోర్నా వింగ్ సైకియాట్రిస్టూ, ఆటిజం ఉన్న పాపకు తల్లీ. ఇక ఏ గదిలో కూర్చోబెడతారు ఆమెను? 1969లో కానర్ తల్లిదండ్రుల సభకు వచ్చి, మిమ్మల్ని నిర్దోషులుగా ప్రకటిస్తున్నానని అన్నాడు. 1943 వ్యాసం నుంచి లెక్కేస్తే, ఆ తీర్పు రావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ కాలంలోనే బ్రిటన్‌లో ఆసుపత్రులు దీనికి పూర్తిగా తిరగబడ్డ తప్పు చేస్తున్నాయి. తల్లి వస్తే బిడ్డ ఏడుస్తుందని ఆమెను వార్డులోకే రానిచ్చేవారు కాదు. చాలాచోట్ల వారానికి ఒకటి రెండు గంటలు చూడనిస్తే గొప్ప. జేమ్స్ రాబర్ట్‌సన్‌కు ఇది నచ్చలేదు. ఈయన రెండో ప్రపంచ యుద్ధంలో పిల్లల మనోవిశ్లేషకురాలు ఆనా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల నర్సరీలో బాయిలర్ చూసుకునే మనిషిగా చేరినవాడు. పిల్లల్లో గమనించిందేదైనా చీటీల మీద రాయాలని ఆమె సిబ్బంది అందరికీ నియమం పెట్టింది, బాయిలర్ మనిషికి కూడా. ఆ చూసే కన్నుతోనే 1952లో చిన్న ఆపరేషన్ కోసం 8 రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాపను సినిమా తీశాడు. ఏడ్చిన చోట్లే ఏరుకున్నాడని అనకుండా గోడ గడియారం కూడా తెర మీద కనిపించేలా తీశాడు. పాప గోల చేయదు. అణుచుకుంటూ, రోజురోజుకూ ముడుచుకుపోతుంది. అది చూసి డాక్టర్లు మండిపడ్డారు. 1959లో ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులు చూడటానికి వేసిన ప్లాట్ కమిటీ మాత్రం తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని బ్రిటిష్ ప్రభుత్వానికి సిఫార్సు చేసింది. కాగితం మీది మాట వార్డు దాకా రావడానికి మళ్లీ తల్లులే 1961లో సంఘం కట్టి వెంటపడాల్సి వచ్చింది.

రాబర్ట్‌సన్‌కు అండగా నిలిచిన సైకియాట్రిస్ట్ జాన్ బౌల్బీ సంగతి రెండంచుల కత్తి. బిడ్డకు నమ్మకమైన మనిషి తోడు తిండితో సమానమని 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదికలో ఒప్పించాడు. దాన్నే పట్టుకుని ఉద్యోగం చేసే తల్లులను దెప్పినవాళ్లూ తక్కువేం కాదు. దీన్ని సరిదిద్దింది మైకెల్ రటర్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్. తల్లి ఒక్కతే లోకం కాదని, బిడ్డ తల్లికి దూరమవడం కంటే ఇంట్లో ఎడతెగని గొడవలు ఎక్కువ హాని చేస్తాయని 1972లో చూపించాడు. అంతకుముందు 1964-65లో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఆయన బృందం చేసిన సర్వే నాకు ఇంకా ఇష్టం. ఫలానా పిల్లాడికి ఇబ్బంది ఉందని తల్లిదండ్రులు చెప్పిన జాబితా, టీచర్లు చెప్పిన జాబితా చాలావరకు కలవలేదు. ఎవరూ అబద్ధమాడలేదు. ఇంట్లో కనిపించే పిల్లాడు వేరు, తరగతిలో కనిపించేవాడు వేరు. నిపుణుడు ఇద్దరినీ అడగక తప్పదు.

అడగడం దగ్గర ఆగకుండా పని పంచుకోవడం కూడా అదే కాలంలో మొదలైంది. అమెరికాలోని ఆరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్ట్, మొండికేసి కొట్లాడే పిల్లల ఇళ్లకే వెళ్లి, ఎప్పుడు మెచ్చుకోవాలో ఎప్పుడు పట్టించుకోకూడదో తల్లిదండ్రులకు నేర్పాడు. నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ అనే ఇంకో సైకాలజిస్ట్, ఆటిజం పిల్లల తల్లిదండ్రులనే సహ చికిత్సకులు అన్నాడు. చికిత్స ఎలా జరుగుతోందో వాళ్లు ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నుంచి చూసి, ఇంట్లో అదే చేసేవారు. ఒకప్పుడు తల్లిని వేరే గదిలో పెట్టారు, ఇప్పుడు గదుల మధ్య గోడనే అద్దంగా మార్చారన్నమాట.

ఈ మధ్య దాకా వస్తే, యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ ఆందోళన జబ్బున్న పిల్లల కోసం ఒక పద్ధతి తయారుచేశాడు. అందులో పిల్లలు గదిలోకి రానే రారు. భయపడే పిల్లాడి పక్కనే రోజూ పడుకోవడం, అడిగిందే అడుగుతుంటే పదిసార్లూ జవాబు చెప్పడం, వాడి బదులు మనమే మాట్లాడటం లాంటివి తల్లిదండ్రులు ఎలా తగ్గించుకోవాలో నేర్పుతారు. "నీకు భయమేస్తోందని తెలుసు, తట్టుకోగలవని కూడా తెలుసు" అని చెప్పడం అలవాటు చేస్తారు. 7 నుంచి 14 ఏళ్ల 124 మంది పిల్లలతో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, నేరుగా పిల్లలకే చేసే థెరపీకి ఇది ఏమాత్రం తీసిపోలేదు. ఇక్కడ పన్నెండు వారాలూ కుర్చీలో కూర్చుంది అమ్మానాన్నలే, కానీ ఈసారి వాళ్లను ఎవరూ నిలదీయలేదు.