బ్రేకు లేని సీటు

చిరంజీవులకు ఆశీస్సులు.

హెల్మెట్ సంచిలో పెట్టుకుని తెల్లవారకముందే బయల్దేరతారు, రేసులకా తాతయ్యా అని మీరు ఎన్నోసార్లు అడిగారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే సగమే అర్థమవుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

రేసులకు కాదు. కార్ల క్లబ్బు నడిపే డ్రైవింగ్ స్కూలుకు. అమెరికాలో ఇలాంటి క్లబ్బులు చాలా ఉన్నాయి. పోర్షే కార్లున్న వాళ్ల క్లబ్బు 1955లో మొదలైంది, బీఎండబ్ల్యూ వాళ్లది 1969లో. ఈ క్లబ్బులు ఏదైనా రేస్ ట్రాక్‌ను ఒకటి రెండు రోజులకు అద్దెకు తీసుకుంటాయి. అక్కడికి వచ్చేవాళ్లు రేసర్లు కారు. డాక్టర్లు, మెకానిక్కులు, టీచర్లు, అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు. రోజూ ఆఫీసుకు నడిపే కారుతోనే వస్తారు. మొదటిసారి వచ్చిన ప్రతి ఒక్కరి పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. ఆ కూర్చునేవాళ్లలో నేనొకణ్ణి. దీనికి జీతం లేదు. మా దగ్గర ఫీజు మాఫీ చేస్తారు లేదా తగ్గిస్తారు, మా గ్రూపు వంతు వచ్చినప్పుడు మా కారు మేం నడుపుకోవచ్చు. అంతే.

అక్కడ టైము కొలవరు. ఫస్టు, సెకండు ఉండవు. స్టాప్‌వాచ్ తీస్తే ఇంటికి పంపించే క్లబ్బులూ ఉన్నాయి. నాకు ఈ రూలంటే చాలా గౌరవం. గడియారం కనిపించగానే మనిషి నేర్చుకోవడం ఆపేసి గెలవడం మొదలుపెడతాడు.

ఇక నా సీటు సంగతి. మామూలు డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇక్కడ ఉండదు, ఎందుకంటే కారు నేర్చుకునేవాళ్లదే. చెయ్యి చాపితే స్టీరింగ్ అందుతుంది గానీ, అంతవరకు వచ్చిందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు. కాబట్టి నా చేతిలో ఉన్నది గొంతు ఒక్కటే. ఇద్దరి హెల్మెట్లలోనూ చిన్న మైకు, స్పీకరు పెట్టుకుని వాటితో మాట్లాడుకుంటాం.

ఆ గొంతును ఎలా వాడాలన్నదే ఈ పనిలో అసలు విద్య. లెక్క చూడండి. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 44 మీటర్లు దాటుతుంది. "ఇప్పుడు నువ్వు మెల్లగా బ్రేకు వేయడం మొదలుపెడితే బాగుంటుంది" అని నేను పూర్తిచేసేసరికి మలుపు వెనక్కి వెళ్లిపోతుంది. అందుకే ఒకటి రెండు మాటలే: "బ్రేక్." "ఆగు." "తిప్పు." "గ్యాస్." గ్యాస్ అంటే యాక్సిలరేటర్ తొక్కమని. ఈ మాటలు కూడా అదే గొంతుతో, అదే వరసలో. నా గొంతు పైకి లేస్తే వాళ్ల చేతులు బిగుసుకుంటాయి. భయం మాటలోంచి స్టీరింగ్‌లోకి వెళ్లడానికి అరసెకను చాలు.

ఇంకో సంగతి. చేయకూడనిది చెప్పకూడదు, చేయాల్సింది చెప్పాలి. "గోడ వైపు వెళ్లకు" అన్నామనుకోండి, కళ్లు వెంటనే గోడ మీదికి పోతాయి. కళ్లు ఎటు పోతే చేతులు అటు, చేతులు ఎటు పోతే కారు అటు. "ఆ దూరంగా ఉన్న కోన్ చూడు" అంటే కారు, దారి గుర్తుగా పెట్టిన ఆ ప్లాస్టిక్ కోన్ వైపు వెళ్తుంది. ఇది సైకిలు తొక్కేటప్పుడు కూడా నిజమే, గుంతను చూస్తూ తొక్కితే గుంతలోకే వెళ్తాం.

ఒక స్టూడెంట్ గురించి చెప్తాను. మొదటి సెషన్, ఇరవై అయిదు నిమిషాలు. ఆవిడ కారు ఎక్కినప్పటి నుంచి స్టీరింగ్‌ను ఎంత గట్టిగా పట్టుకుందంటే గ్లవ్స్ లేని వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. అలా పట్టుకుంటే టైర్లు చెప్పే కబురు చేతికి అందదు. మలుపుల్లేని పొడుగాటి స్ట్రెయిట్ మీదికి రాగానే "వేళ్లు ఒకసారి ఆడించండి" అన్నాను. ఆడించింది. "ఊపిరి వదలండి" అన్నాను. వదిలాక గానీ తను అంతసేపూ ఊపిరి బిగబట్టిందని ఆవిడకే తెలియలేదు. తర్వాత, "నేను మాట్లాడను, మీరు చూస్తున్నదేమిటో మీరే పైకి చెప్పండి" అన్నాను. "బ్రేక్ బోర్డు... తిప్పుతున్నా... కోన్..." ఆవిడ "కోన్" అనేసరికి కోన్ మా వెనక ఉంది. అప్పుడు అర్థమైంది, చూపు కారుకు పది అడుగుల ముందే ఆగిపోతోందని. ఆ రోజు ఇంకేమీ నేర్పలేదు. చూపు ఒక్కటే. మలుపులోకి వెళ్తూ మలుపు చివరను వెతకడం, ఆ చివర చేరకముందే దాని అవతలిది వెతకడం. మధ్యాహ్నం మూడో సెషన్‌కు ఆవిడ నోట "కోన్" అన్న మాట కోన్ కన్నా ముందు వచ్చింది. వేగం ఏమీ మారలేదు, మనిషి మాత్రం తేలికపడింది. నాకు ఆ రోజు నా కారు నడపడానికి టైము దొరకలేదు. దొరకలేదని అనిపించనూ లేదు.

కారు ఎందుకు జారుతుందో కూడా చెప్పాలి, ఇది మీకు రోడ్డు మీద పనికొస్తుంది. ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు ఇంచుమించు మీ అరచేయంత. కారు మొత్తం ఆ నాలుగు చోట్ల పట్టు మీదే ఆధారపడి ఉంటుంది. ఆ పట్టు నూటికి నూరు పాళ్లు అనుకోండి. నూరూ బ్రేకుకే వాడేస్తే తిప్పడానికి ఏమీ మిగలదు. అందుకే ముందు బ్రేకు, తర్వాత బ్రేకు వదులుతూ తిప్పడం, తర్వాత స్టీరింగ్ తిన్నగా చేసుకుంటూ యాక్సిలరేటర్. కొత్తవాళ్లు మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీసేస్తారు. తీయగానే కారు బరువు ముందుకు వాలుతుంది, వెనక టైర్ల మీద భారం తగ్గుతుంది, భారం తగ్గితే పట్టూ తగ్గుతుంది, వెనక భాగం బయటికి జారుతుంది. నెమ్మది చేద్దామని చేసిన పనే కారును తిప్పేస్తుంది. మనసుకు తోచింది ఒకటి, కారుకు కావలసింది ఇంకొకటి. ఈ తేడాను ఖాళీ ట్రాక్ మీద, పక్కన ఒకరుండగా తెలుసుకోవడం మంచిదా, వానలో హైవే మీద ఒంటరిగా తెలుసుకోవడం మంచిదా?

పూర్తిగా తిరిగిపోతుంటే మాత్రం పోరాడకూడదు. క్లచ్, బ్రేకు రెండూ నొక్కి ఆగేదాకా పట్టుకోవాలి. రెండు చక్రాలు గడ్డిలోకి దిగితే స్టీరింగ్‌ను గబుక్కున వెనక్కి లాగకూడదు. తిన్నగా పోనిచ్చి, వేగం తగ్గాక మెల్లగా ఎక్కాలి. రోడ్డు అంచు దిగినప్పుడు కూడా ఇంతే.

భయపడేవాళ్లకన్నా భయం లేనివాళ్లతోనే నాకు ఎక్కువ పని. మీలాగే సిమ్యులేటర్ గేములు ఆడి ఆడి ట్రాక్ మొత్తం కంఠతా పట్టి వచ్చే కుర్రాళ్లు ఉంటారు. నేను వాటిని తీసిపారేయను. ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో, ఎక్కడ తిప్పాలో వాళ్లకు నిజంగా తెలుసు. కానీ గేములో నడుము దగ్గర బరువు మారడం తెలియదు, రీసెట్ బటన్ ఉంటుంది. అలాంటి కుర్రాడితో వాదించను. "ఈ ల్యాపు బ్రేకు ముట్టుకోకుండా, అవసరమైనంత నెమ్మదిగా నడుపు" అంటాను. ల్యాపంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండు. బ్రేకు లేదనగానే ముందుచూపు దానంతటదే వస్తుంది. మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి, స్టీరింగ్ ఎంత తక్కువ తిప్పితే అంత మంచిది. తర్వాత మళ్లీ బ్రేకు ఇచ్చినప్పుడు ఆ చేతుల్లో మెత్తదనం మిగిలి ఉంటుంది. అప్పటికీ మాట వినకపోతే "పిట్‌లోకి వెళ్దాం" అనే హక్కు నాకుంది. పిట్ అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు. కారణం అక్కడికక్కడే చెప్పక్కర్లేదు. ఆగాక చెప్తాను, హెల్మెట్ తీసి, మొహం చూస్తూ.

ప్రమాదం లేదని మీకు అబద్ధం చెప్పను. షాన్ ఎడ్వర్డ్స్ అని గొప్ప పోర్షే రేసర్ ఉండేవాడు. 2013 అక్టోబర్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రేస్‌వేలో ఒకరికి డ్రైవింగ్ నేర్పుతూ, పక్క సీట్లో కూర్చుని, ప్రమాదంలో చనిపోయాడు. ఆయన పేరు మీద మొదలైన సంస్థే తర్వాత మోటార్‌స్పోర్ట్ సేఫ్టీ ఫౌండేషన్ అయింది. ఇన్‌స్ట్రక్టర్లకు ఒకే పద్ధతిలో శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్లు చేపట్టిన పనుల్లో ముఖ్యమైనది. అందుకే బాగా నడపడం వస్తే చాలు, పక్కన కూర్చోవచ్చు అనే రోజులు పోతున్నాయి, పోవాలి కూడా. ఆ శిక్షణలో ఒక సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ స్టూడెంట్ వేషం వేస్తాడు. కావాలని ముందుగా తిప్పేస్తాడు, ట్రాక్ పక్కన చూపే హెచ్చరిక జెండా చూడనట్టు నటిస్తాడు, చెప్పింది సగం వింటాడు. నేర్పబోయేవాడు కంగారు పడకుండా ముందే పసిగట్టాలి. అందులో నెగ్గినవాళ్లనే కొత్తవాళ్ల పక్కన కూర్చోబెడతారు.

జాగ్రత్త అంతా పొద్దున్నే మొదలవుతుంది. ప్రతి కారునూ తనిఖీ చేస్తారు. చక్రాల నట్లు, బ్యాటరీ బిగింపు, బ్రేక్ ప్యాడ్ల మందం చూస్తారు, కారులో వదులుగా ఉన్న వస్తువేదీ ఉండకూడదు. బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవం, ఈ మధ్యే మార్చారా అని తప్పకుండా అడుగుతారు. దానికో కారణం ఉంది. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, అదంతా వేడిగా మారుతుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ హద్దు 155కే పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలదాకా దిగిపోతుంది, కారు ఆగదు. సెషన్ చివరి ల్యాపు అందరూ బ్రేకులు పెద్దగా వాడకుండా నెమ్మదిగా తిరిగేదీ, ఆగాక హ్యాండ్ బ్రేక్ వేయనిదీ ఈ వేడి వల్లే.

ఆ తర్వాత క్లాసు. పసుపు జెండా అంటే ముందు ఏదో ప్రమాదం, నెమ్మదించు, ఎవర్నీ దాటకు. ఎరుపు అంటే అద్దంలో వెనక చూసుకుంటూ అదుపులో ఆగు. నలుపు నీకే చూపిస్తే పిట్‌లోకి రా. దాటడం కూడా ఎవరిష్టం వచ్చినట్టు కాదు. ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి చాపి ఎటు నుంచి వెళ్లాలో చూపిస్తేనే వెనకవాడు దాటాలి, అదీ చెప్పిన చోట్లే. వేగంగా వచ్చేవాడికి దారి ఇవ్వడం అక్కడ మర్యాద. ఇచ్చినవాణ్ణి ఎవరూ తక్కువగా చూడరు. ఈ ఒక్క అలవాటును మన రోడ్లమీదికి తెచ్చుకున్నా నేను ఎంతో సంతోషిస్తాను.

డబ్బులివ్వకపోయినా ఎందుకు వెళ్తారని మీ అమ్మ అడుగుతుంది. నాకు నేర్పినవాళ్లకు కూడా ఎవరూ డబ్బులివ్వలేదు. వాళ్లు తమ సెలవు రోజును తీసి నా పక్కన పెట్టారు. డబ్బిచ్చి తీర్చగలిగే బాకీ అయితే ఎప్పుడో తీర్చేసేవాణ్ణి. ఇంకోటి కూడా ఉంది. ఇతరులకు నేర్పడం మొదలుపెట్టాకే నా డ్రైవింగ్‌లో నేను ఏం చేస్తున్నానో నాకు తెలిసింది. అలవాటుగా చేసే పనిని మాటల్లో పెట్టాలంటే ముందు దాన్ని విడదీసి చూడాలి కదా.

ఈ పనిలో నాకు బాగా నచ్చేది చివరి సెషన్. స్టూడెంట్ నేను చెప్పకముందే బ్రేకు వేస్తుంటాడు, నేను చూపించకముందే జెండా చూస్తుంటాడు. మొదటి సెషన్‌లో ప్రతి మలుపుకూ నాలుగు మాటలు చెప్పినవాణ్ణి, ఇప్పుడు ల్యాపంతా మౌనంగా ఉంటాను. కొందరికి ఒంటరిగా నడపడానికి సంతకం పెట్టి ఇస్తాం. అందరికీ మొదటి రోజే ఇవ్వం. ఇవ్వకపోతే కొందరు నొచ్చుకుంటారు కూడా. అయినా ఇవ్వకూడదని తోస్తే ఇవ్వకూడదు, ఆ సంతకం వాళ్ల ప్రాణాలకు సంబంధించినది.

మీకు ట్రాక్ స్కూలుకు రావడానికి వయసు చాలకపోయినా, స్ట్రీట్ సర్వైవల్ అని ఇంకో స్కూలు ఉంది. బీఎండబ్ల్యూ క్లబ్బు ఫౌండేషన్ నడుపుతుంది, 15 నుంచి 21 ఏళ్ల వాళ్ల కోసమే. లైసెన్సు గానీ, నేర్చుకునేవాళ్లకిచ్చే పర్మిట్ గానీ ఉంటే చాలు. ఏ కంపెనీ కారైనా ఫర్వాలేదు, ఇంట్లో మీరు నడిపే కారునే తీసుకురావాలి. పెద్ద ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి, నీళ్లు చల్లి, కారు జారినప్పుడు ఎలా అదుపు చేయాలో, బ్రేకు పూర్తిగా తొక్కితే ఎలా ఉంటుందో చూపిస్తారు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. అది తెలియక చాలామంది భయపడి కాలు తీసేస్తారు. తీయకుండా తొక్కి ఉంచడం అక్కడ అలవాటవుతుంది. వీలైన చోట పెద్ద ట్రక్కు తెచ్చి దాని డ్రైవర్ సీట్లో మిమ్మల్ని కూర్చోబెడతారు. పక్కనే ఆగి ఉన్న కారు అద్దాల్లో అసలు కనిపించదు. అది చూశాక ట్రక్కు పక్కన కారు ఎక్కడ ఉంచకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు.

పెద్దవాడికి పర్మిట్ రాగానే నాకు చెప్పండి, పేరు నమోదు చేయిద్దాం. పల్చటి అడుగున్న బూట్లు, మంచినీళ్ల సీసా తెచ్చుకోండి. టైర్లలో గాలి ముందు రోజే చూసుకోండి, డిక్కీలో సామాను ఇంట్లోనే వదిలేయండి. మీ పక్కన మాత్రం నేను కూర్చోను. సొంతవాళ్లకు సొంతవాళ్లు నేర్పకపోవడమే మంచిది, మా క్లబ్బులో అందరం అదే పాటిస్తాం. మంచి ఇన్‌స్ట్రక్టర్‌ను నేనే అడిగి పెట్టిస్తాను.

మీ తాతయ్య