గాజు పాత్రలో గెలిచే ఉత్ప్రేరకాలు ఫ్యూయల్ సెల్‌లో ఎందుకు తడబడతాయి?

రసాయన చర్యను వేగపరిచే ఉత్ప్రేరకాల్లో ప్లాటినం కంటే ఎన్నో రెట్లు చురుకైనది దొరికిందన్న ప్రకటనలు పరిశోధన పత్రాల్లో తరచు కనిపిస్తున్నా, హైడ్రోజన్, ఆక్సిజన్‌లను కలిపి విద్యుత్తు పుట్టించే ఫ్యూయల్ సెల్‌తో నడిచే నేటి హైడ్రోజన్ కార్లలో ప్లాటినం, దాని మిశ్రలోహాలే కొనసాగుతున్నాయి. దీనికి పదార్థాల లోపం ఒక్కటే కారణం కాదు. వాటిని కొలిచే పద్ధతికీ ఇందులో పెద్ద వాటా ఉంది.

బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం గ్రోవ్ 1842లో ప్లాటినం రేకులతో, ఫ్యూయల్ సెల్‌కు తొలి రూపమైన తన గ్యాస్ బ్యాటరీని నిర్మించినప్పుడు గానీ, 1965లో జెమిని-5 వ్యోమనౌక పాలిమర్ పొర ఫ్యూయల్ సెల్‌తో ఎగిరినప్పుడు గానీ లోహం ధర అడ్డంకి కాలేదు. కార్ల ఆలోచన వచ్చాకే అది సమస్య అయింది. 1980లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల, ఎలక్ట్రోడ్ లోపలికి ప్రోటాన్లను మోసే పాలిమర్‌ను ఇంకించి, చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాములు పట్టే ప్లాటినాన్ని దాదాపు పదో వంతుకు తగ్గించింది.

లోహం తగ్గేకొద్దీ దాని ప్రతి మిల్లీగ్రామూ ఎంత పని చేస్తోందో కొలవవలసి వచ్చింది. అందుకు తిరిగే డిస్క్ ఎలక్ట్రోడ్ చేతికి అందింది. సోవియట్ శాస్త్రవేత్త లెవిచ్ 1940లలో ఇచ్చిన సిద్ధాంతం దానికి పునాది: గాజు పాత్రలోని పలుచని ఆమ్లంలో, ఉత్ప్రేరకం పూసిన డిస్క్‌ను నిర్ణీత వేగంతో తిప్పితే దాన్ని చేరే ఆక్సిజన్‌ను కచ్చితంగా లెక్కకట్టవచ్చు. చవకైన ఈ పరీక్షకు కొన్ని మైక్రోగ్రాముల పొడి చాలు. 2007లో ప్లాటినం-నికెల్ ఏకస్ఫటికపు ఒకానొక తలం మామూలు ప్లాటినం-కార్బన్ ఉత్ప్రేరకం కంటే 90 రెట్లు చురుకైనదని తేలింది కూడా ఇలాంటి కొలతల్లోనే.

అయితే ఆక్సిజన్ ఆమ్లంలో అతి స్వల్పంగా కరుగుతుంది కాబట్టి, డిస్క్ మీద విద్యుత్ ప్రవాహం చదరపు సెంటీమీటరుకు కొన్ని మిల్లీఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. కారు సెల్ ఇవ్వవలసింది ఒక ఆంపియర్, ఆపైన. అదీ 80 డిగ్రీల వేడిలో, వాయువు, నీరు, ప్రోటాన్లు ఒకే సన్నని పొరలో దారి వెతుక్కునే చోట. పైగా మిశ్రలోహంలోని నికెల్ ఆమ్లంలోకి కరిగి, ప్రోటాన్లను మోసే పాలిమర్ పొరను పాడుచేస్తుంది. ఉత్ప్రేరకం ఎంతకాలం నిలుస్తుందో చూసేందుకు, వోల్టేజీని 0.6, 0.95 వోల్టుల మధ్య 30,000 సార్లు మార్చే మన్నిక పరీక్ష అమెరికా ఇంధన శాఖ నియమావళిలో చేరింది.

ఇటీవల సెల్‌లోని ఒక్క ఎలక్ట్రోడ్‌నే తీసుకుని, వాయువును దాని వెనుక నుంచి పంపే అర్ధ-సెల్ పరీక్షలు వాడుకలోకి వస్తున్నాయి. వీటిలో అధిక విద్యుత్ ప్రవాహాలు అందుతాయి గానీ, ద్రవ ఆమ్లం ఇంకా ఉన్నందున పాలిమర్ పొర ఎండిపోవడం వల్ల వచ్చే నష్టాన్ని ఇవి పట్టుకోలేవు.