క్యాన్సర్ కణం బయటినుంచి రాదు: ఒక పాథాలజిస్టు చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను పాథాలజిస్టుని, పని విశాఖలో. ఆపరేషన్లో తీసిన ముక్కలు, బయాప్సీలు, సూదితో లాగిన నమూనాలు స్లైడ్ మీదకి ఎక్కాక వాటిలో ఏముందో చూసి రిపోర్టు రాస్తాను. పేషెంట్లకి మా మొహం తెలీదు, రిపోర్టు కింద సంతకం తప్ప. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మాత్రం క్యాన్సర్ మీద ఏ ఫార్వర్డ్ వచ్చినా "ఇది నిజమేనా" అని నన్నే అడుగుతారు. చూడగా చూడగా నాకు అర్థమైంది ఏంటంటే, ఈ ఫార్వర్డుల్లో చాలావాటికి మూలం ఒకటే: కణం ఎలా బతుకుతుందో, ఎలా చస్తుందో మనకి స్కూల్లో సగమే చెప్పారు. అందుకని కణం దగ్గరే మొదలుపెడుతున్నాను, క్యాన్సర్ దాకా వెళ్దాం.

అపోహ: కణం అంటే గుండ్రటి సంచి, మధ్యలో ఒక కేంద్రకం

పుస్తకంలో ఉన్న ఆ బొమ్మలాంటి కణం ఒంట్లో ఎక్కడా దొరకదు. మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటే అందులో 80 శాతం పైగా ఎర్రరక్తకణాలే, వాటికి అసలు కేంద్రకమే ఉండదు. కండరాల్లో ఒక్కో తంతువుకి వందల కేంద్రకాలు ఉంటాయి. నడుము దగ్గర వెన్నుపాము నుంచి కాలి వేళ్ల దాకా పోయే నరం తంతువు మీటరు పొడవుంటుంది, అదంతా ఒకే కణంలో భాగం. లోపల కూడా నీళ్లలో తేలుతున్న నాలుగు వస్తువులు కావు, ప్రోటీన్లతో కిక్కిరిసి ఉంటుంది. రెండు మీటర్ల డీఎన్ఏ, మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని కేంద్రకంలో చుట్టుకుని ఉంటుంది.

ఇంకో మాట. రైబోజోములు, గాల్జీ, మైటోకాండ్రియా అని మనం రంగు పెన్సిళ్లతో వేసినవేవీ నాకు రోజూ కనబడవు. వాటిని విడివిడిగా చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. మామూలు స్లైడులో నీలంగా కేంద్రకం, గులాబీగా మిగతా కణం కనబడతాయి, అంతే. ఆ నీలం రంగు మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు మానునుంచి వస్తుంది, వందేళ్ల పైనుంచీ అదే వాడుతున్నాం, ఇంతకన్నా మంచిది ఎవరూ తేలేదు. కేంద్రకం సైజు, ఆకారం, రంగు ముదురుతనం, పక్కపక్క కణాల వరస, వీటిని బట్టే ఎక్కువ క్యాన్సర్లు తేలిపోతాయి.

అపోహ: మైటోకాండ్రియా పని శక్తిని తయారు చేయడమే

శక్తి తయారీ నిజమే. ఆ శక్తిని మోసే ఏటీపీ అనే అణువుని 1929లో బయటపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. అయితే చాలామందికి తెలియంది, కణాన్ని చంపే మీట కూడా మైటోకాండ్రియాలోనే ఉంది. డీఎన్ఏ బాగు చేయలేనంతగా పాడైతే మైటోకాండ్రియానుంచి సైటోక్రోమ్ సీ అనే ప్రోటీన్ బయటికి వస్తుంది, దాంతో ఎంజైములు వరసగా మేలుకుని కణాన్ని లోపలినుంచే ముక్కలు చేస్తాయి, ఆ ముక్కల్ని పక్క కణాలు మింగేస్తాయి, వాపు లేదు, నొప్పి లేదు. దీనికి అపోప్టోసిస్ అని 1972లో పేరు పెట్టారు. మీరు ఈ పేరా చదివేలోపు మీ ఒంట్లో కోట్ల కణాలు ఇలా పోయాయి. పోవాల్సిన కణం పోకుండా ఉండిపోతే ఏమవుతుందన్నదే ఇక్కడినుంచి నేను చెప్పబోయేదంతా.

అపోహ: ఏడేళ్లకోసారి ఒళ్లంతా కొత్తదైపోతుంది

వినడానికి బాగుంటుంది కానీ ఒక్కో కణానిది ఒక్కో లెక్క. చిన్నపేగు లోపలి పొర నాలుగైదు రోజుల్లో మారిపోతుంది. ఎర్రరక్తకణం 120 రోజులు. కొవ్వు కణాల్లో ఏడాదికి పదిశాతం దాకా మారతాయి. గుండె కండర కణాలు పాతికేళ్ల వయసులో ఏడాదికి ఒక శాతం, ముసలితనంలో అందులో సగం. మెదడు పైపొరలో నరాల కణాలు మీతో పుట్టి మీతోనే పోతాయి. కొవ్వు, గుండె, మెదడు కణాల లెక్క ఎలా కొలిచారనేది తమాషా విషయం: 1963 దాకా గాలిలో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది, కణం పుట్టినప్పుడు దాని డీఎన్ఏలో చేరిన కార్బన్-14ని బట్టి స్వీడన్ శాస్త్రవేత్తలు కణం వయసు చెప్పగలిగారు.

క్యాన్సర్ కూడా ఎక్కువగా ఈ మారుతుండే పొరల్లోనే పుడుతుంది. నోరు, పేగు, గర్భాశయ ముఖద్వారం, రొమ్ము నాళాలు. పెద్దవాళ్లలో మెదడు నరాల కణం నుంచి, గుండె కండరం నుంచి క్యాన్సర్ పుట్టడం ఎంత అరుదంటే అలాంటి స్లైడు వస్తే మేం నలుగురిని పిలిచి చూపించుకుంటాం.

అపోహ: క్యాన్సర్ ఎక్కడినుంచో వచ్చి ఒంట్లో చేరుతుంది

నా దృష్టిలో మిగతా అపోహలన్నిటికీ తల్లి ఇదే. పురుగు అంటారు, విషం అంటారు, "ఒంట్లో చెత్త పేరుకుపోయింది" అంటారు, దాన్ని కడిగేస్తామని డీటాక్స్ పొడులు అమ్ముతారు. 1850లలోనే జర్మనీలో విర్కో అనే పాథాలజిస్టు ప్రతి కణమూ ఇంకో కణం నుంచే పుడుతుందని తేల్చి చెప్పాడు, క్యాన్సర్ కణమూ అంతే, అది మీ కణమే. విభజన జరిగినప్పుడల్లా దాదాపు 600 కోట్ల అక్షరాల డీఎన్ఏని కాపీ కొట్టాలి. తప్పులు పడతాయి, వాటిని దిద్దే ఎంజైములు ఉన్నాయి, దిద్దలేకపోతే పీ53 లాంటి ప్రోటీన్ విభజనని ఆపుతుంది లేదా ఇందాక చెప్పిన మీట నొక్కి కణాన్ని చంపేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగం వాటిలో ఈ పీ53 జన్యువే పాడై ఉంటుంది. ఏనుగుకి దీని కాపీలు 20 ఉన్నాయి, అంత పెద్ద ఒళ్లు ఉండి కూడా దానికి క్యాన్సర్ తక్కువ రావడానికి అదొక కారణం అంటారు.

ఒక్క తప్పుతో క్యాన్సర్ రాదు. విభజించమని తొందరపెట్టే రాస్ లాంటి జన్యువు ఆన్‌లో ఇరుక్కుపోవాలి, ఆపేవి చెడాలి, చావు మీట పనిచేయకుండా పోవాలి, ఇవన్నీ ఒకే కణం వంశంలో ఒకదాని మీద ఒకటి పేరుకోవాలి, దానికి ఏళ్లు పడుతుంది. పెద్దపేగు లోపలి పొరమీద మొలిచే చిన్న పాలిప్ (పిలక లాంటిది) క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లు కూడా పట్టవచ్చు. అందుకే వయసు పెరిగేకొద్దీ క్యాన్సర్ ఎక్కువ.

మరి పొగాకు బయటిదే కదా అంటారు. పొగాకు చేసేది ఈ తప్పుల సంఖ్య పెంచడం. మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటు గురించి మీరు వినే ఉంటారు, శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట వెలిగించి నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లు. వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ఫలితం ఏంటంటే, ప్రపంచంలో మిగతాచోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ ఈ ప్రాంతంలో ఎక్కువగా కనబడింది, దాని మీద వైద్య పత్రికల్లో చాలా పరిశోధన వచ్చింది. క్యాన్సర్ వచ్చిన చోటు చూసి అలవాటు చెప్పగలిగే సందర్భాలు మా ఫీల్డులో ఎక్కువ లేవు, ఇది అలాంటిది.

అపోహ: గడ్డ అంటే క్యాన్సరే, నొప్పి లేకపోతే ఏమీ కాదు

రెండు ముక్కలూ తప్పే. కొవ్వు గడ్డలు, పాతికేళ్లలోపు అమ్మాయిల రొమ్ములో జారుతూ ఆడే ఫైబ్రోఅడినోమాలు క్యాన్సర్ కావు. క్యాన్సర్ గడ్డేమో మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. నేను చూసేది సైజు కన్నా హద్దు. పొర కింద సన్నటి ఆధార త్వచం ఉంటుంది, పొలం గట్టు లాగా. కణాలు ఎంత వికారంగా ఉన్నా గట్టుకి ఇవతలే ఉంటే అది ఇంకా పాకే దశ కాదు, దాదాపు ఎప్పుడూ తీసేస్తే సరిపోతుంది. గట్టు తెగి రక్తనాళాల్లోకో లింఫు నాళాల్లోకో కణాలు పోయాయా అన్నది వెతకడానికే ఒక్కోసారి గంటలు పడుతుంది.

అపోహ: ఒంట్లో అన్నిటికన్నా వేగంగా పెరిగేవి క్యాన్సర్ కణాలు

మీ ఎముక మజ్జ, పేగు పొర చాలా క్యాన్సర్లకన్నా వేగంగా విభజిస్తాయి. తేడా ఏంటంటే అవి ఆగమన్నప్పుడు ఆగుతాయి, చావమన్నప్పుడు చస్తాయి. కీమోలో జుట్టు ఎందుకు ఊడుతుంది, నోట్లో పుళ్లు ఎందుకు, రక్తకణాలు ఎందుకు పడిపోతాయి అంటే ఇదే కారణం, పాత కీమో మందులు విభజిస్తున్న కణాన్ని పట్టుకుంటాయి, అది ఎవరిదని అడగవు.

మళ్లీ సుబ్బారావు దగ్గరికే రావాలి. కొత్త డీఎన్ఏ రాయడానికి కణానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ లాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ తయారు చేసింది, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇస్తే 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948లో ఆ ఫలితాలు వచ్చాయి, అదే ఏడాది సుబ్బారావు పోయారు. దానికి తమ్ముడి వరస మందు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది. మీ ఇంట్లో కీళ్లవాతానికి ఎవరైనా వేసుకుంటుంటే అదీ ఇదే. (వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుని ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్లున్నారు.)

అపోహ: చక్కెర మానేస్తే క్యాన్సర్ మాడిపోతుంది, ఆల్కలైన్ నీళ్లు తాగితే బతకదు

ఈ ఫార్వర్డులో జర్మన్ శాస్త్రవేత్త వార్బర్గ్ పేరు ఉంటుంది, "క్యాన్సర్ కారణం కనుక్కున్నందుకు నోబెల్" అని. ఆయనకి 1931లో నోబెల్ వచ్చింది నిజమే, అది శ్వాసక్రియ ఎంజైము మీద పనికి. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ని ఎక్కువగా లాగి పులియబెడతాయని ఆయన చూసింది కూడా నిజమే, ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో వెతికే పెట్ స్కాన్ పనిచేసేది ఆ గుణం మీదే. కానీ మీరు చక్కెర, అన్నం మానేసినా కాలేయం గ్లూకోజ్ తయారు చేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, మీ మెదడుకి అది కావాలి కనుక. కీమో మధ్యలో తిండి మానేసి పది కిలోలు తగ్గితే క్యాన్సర్‌కి కాదు, మీకే నష్టం. బరువు పెరగకుండా తీపి తగ్గించడం మంచిదే, అది వేరే సంగతి.

ఆల్కలైన్ నీళ్ల గురించి ఒక్క మాట చాలు: రక్తం ఆమ్ల, క్షార గుణాల కొలత అయిన పీహెచ్‌ని ఊపిరితిత్తులు, కిడ్నీలు 7.35, 7.45 మధ్య పట్టి ఉంచుతాయి, మీ బాటిల్ దాన్ని కదపలేదు.

అపోహ: క్యాన్సర్ అంటుకుంటుంది

అంటుకోదు. పక్కన పడుకోండి, ఒకే కంచంలో తినండి. అంటుకునేవి దానికి దారితీసే కొన్ని వైరస్‌లు, గర్భాశయ ముఖద్వారానికి హెచ్‌పీవీ, కాలేయానికి హెపటైటిస్ బీ, సీ. వీటిలో హెచ్‌పీవీకి, హెపటైటిస్ బీకి టీకాలున్నాయి. నిజంగా కణాలే ఒకరినుంచి ఒకరికి పోయే క్యాన్సర్ కుక్కల్లో ఉంది, కలిసినప్పుడు పాకుతుంది, మన వీధికుక్కల్లో పశువైద్యులు తరచూ చూస్తారు, వేల ఏళ్ల కిందట ఒక్క కుక్కలో పుట్టిన కణ వంశమే ఇప్పటికీ బతుకుతోంది. మనుషులకి రాదు.

అపోహ: మా వంశంలో లేదు, నాకు రాదు

పుట్టుకతో వచ్చే జన్యు లోపం వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. మిగతావి బతికినంత కాలంలో పేరుకున్న తప్పులు.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకేస్తుంది

ఇది విన్నప్పుడు నాకు నిజంగా బీపీ పెరుగుతుంది. సూది దారి వెంట కణాలు పడటం అనేది అసలు లేదని అనను, కాలేయం లాంటి కొన్ని చోట్ల చాలా అరుదుగా జరుగుతుంది, వృషణంలో అనుమానం ఉంటే సూది గుచ్చకుండా మొత్తం తీసేస్తారు, ఇవి డాక్టర్లకి తెలుసు, దానికి తగ్గట్టే ప్లాన్ చేస్తారు. రొమ్ములోనో మెడలోనో గడ్డ ఉన్న మనిషి "కత్తి పెడితే రేగుతుంది" అన్న మాట విని ఆరునెలలు పసరు కట్టు కట్టించుకుని వస్తే, ఆ ఆరునెలల్లో పాకింది సూది వల్ల కాదు కదా. బయాప్సీ లేకుండా ఏ క్యాన్సరో తెలీదు, తెలీకుండా మందు ఉండదు.

రిపోర్టు ఎందుకు ఆలస్యం అని కూడా అడుగుతారు. ముక్క ముందు కణాలు కుళ్లకుండా ఆపే ఫార్మలిన్‌లో నానాలి, తర్వాత రాత్రంతా మెషీన్లో నీరు తీసి మైనం ఎక్కించాలి, మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోయాలి, రంగు వేయాలి. కణాల్లో ఏ ప్రోటీన్లున్నాయో చూపే ఇమ్యునో పరీక్షలు కావాలంటే ఇంకొన్ని రోజులు. ముక్కని సెలైన్ సీసాలోనో, ఉత్త దూది మీదో పెట్టి తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, కణాలు అప్పటికే కుళ్లడం మొదలవుతాయి, అందులో నేను ఏమీ చెప్పలేను. ముక్క తనకి పదిరెట్లు ఫార్మలిన్‌లో మునిగి ఉందో లేదో మీరే చూసుకోండి, అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: గ్రేడ్ 3 అంటే స్టేజ్ 3

రిపోర్టు చదివి టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. గ్రేడ్ అంటే కణాలు మామూలు కణాలకి ఎంత దూరంగా ఉన్నాయో, అది నేను స్లైడ్ చూసి చెప్పేది. స్టేజ్ అంటే ఒంట్లో ఎంత దూరం పాకిందో, స్కాన్లు, ఆపరేషన్ అన్నీ కలిపి తేల్చేది. గ్రేడ్ 3 ఉండి స్టేజ్ 1 కావచ్చు, తిరగేసి కూడా కావచ్చు. రెండో అభిప్రాయం కోసం వేరే ఆసుపత్రికి వెళ్తే రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లకండి, స్లైడులూ, మైనం బ్లాకులూ లాబ్‌లో సంతకం పెట్టి అడిగి తీసుకోండి. ఆ బ్లాకులు ఏళ్లతరబడి పాడవవు, కావాల్సిన కొత్త పరీక్షలు వాటినుంచే చేయొచ్చు, మళ్లీ సూది గుచ్చించుకునే పని చాలాసార్లు తప్పుతుంది.