గాలికి కట్టే జెండాలు: అచ్చు చెక్కబోయే పిల్లలకు ఒక ఉత్తరం

చిన్నారులూ,

మీ ఆర్ట్ క్లాసులో ఈసారి బ్లాక్ ప్రింటింగ్‌తో ప్రేయర్ ఫ్లాగ్స్ చేయిస్తున్నారని తెలిసి చాలా సంబరపడ్డాను. డ్రాయింగూ పెయింటింగూ అంటే అన్ని స్కూళ్ళలోనూ చేయిస్తారు గానీ ఒక అచ్చు చెక్కి దాన్ని గుడ్డ మీద అద్దే పని చేయించేవాళ్ళు తక్కువ. పైగా ఈ జెండాల వెనక ఒక జాతి మొత్తం నమ్మకం ఉంది. అందుకే మీరు ఇంకా చెక్కడం మొదలెట్టకముందే ఈ ఉత్తరం మీ చేతికి అందాలని కూర్చుని రాస్తున్నా, కొంచెం పెద్దదే, రెండు విడతల్లో చదువుకున్నా పర్లేదు.

మీలో చాలామంది ఈ జెండాలు చూసే ఉంటారు. లడఖ్ ట్రిప్ వెళ్ళొచ్చిన అన్నయ్యలు బుల్లెట్ హ్యాండిల్‌కి కట్టుకుంటారు, కార్లలో అద్దం దగ్గర వేలాడదీస్తారు, కాఫీ షాపుల్లో గోడకి డెకరేషన్‌గా పెడతారు. ఇష్టపడి కట్టుకున్నవాళ్ళని నేనేమీ అనను గానీ, ఆ గుడ్డ మీద ఏం అచ్చేసి ఉందో ఒక్కసారైనా దగ్గరగా చూసి అడిగి తెలుసుకోవాలి కదా అనిపిస్తుంది నాకు, ఎందుకంటే అది కట్టినవాళ్ళకి ఒక ప్రార్థన.

ఇవి టిబెట్ వాళ్ళవి. టిబెట్‌లోనే కాదు, నేపాల్, భూటాన్, సిక్కిం, అరుణాచల్, లడఖ్, హిమాలయాల్లో బౌద్ధం ఉన్న ప్రతిచోటా కనిపిస్తాయి. ఘాట్ రోడ్డు ఎక్కీ ఎక్కీ కొండ దాటే చోటుకి వస్తాం చూడండి, అక్కడ కడతారు, నదుల మీద వంతెనలకి కడతారు, ఖాట్మండులో బౌద్ధనాథ్ స్తూపం శిఖరం నుంచి కింద దాకా తాళ్ళు లాగి కడతారు. అంటే గాలి బాగా తగిలే చోటు వెతికి మరీ కడతారన్నమాట. ఎందుకో తెలుసా, ఆ గుడ్డని తాకిన గాలి దాని మీదున్న ప్రార్థనని మోసుకుపోతుందని, ఆ గాలి తగిలిన ప్రతి ప్రాణికీ, మనిషైనా యాక్ అయినా పురుగైనా, మేలు జరుగుతుందని వాళ్ళ నమ్మకం. బయటివాళ్ళు చాలామంది ఇదేదో దేవుడికి మన కోరిక చేరవేసే జెండా అనుకుంటారు, అది కాదు. నాకు ఇది కావాలి అది కావాలి అని కట్టేది కాదు, అందరి కోసం కట్టేది. నేను ఈ ఉత్తరంలో చెప్పదల్చుకున్నదంతా ఈ మాట చుట్టూనే ఉంటుంది, మీ బొమ్మ మీరు ఎంచుకునేటప్పుడు కూడా ఇదే గుర్తు పెట్టుకోవాలి.

రంగుల సంగతి మీకు ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే అవి మన పంచభూతాలే. నీలం ఆకాశం, తెలుపు గాలి, ఎరుపు నిప్పు, ఆకుపచ్చ నీరు, పసుపు భూమి. ఎడమ నుంచి కుడికి ఇదే వరస, ఐదూ అయిపోతే మళ్ళీ నీలంతో మొదలు. వరస తప్పితే ఏమవుతుంది అని అడగొచ్చు మీరు, ఐదూ సమతూకంగా ఉంటేనే ఒంటికైనా ఊరికైనా ఆరోగ్యం అని వాళ్ళు అంటారు, కాబట్టి మీరు గుడ్డలు తాడుకి కుట్టేటప్పుడు ముందు టేబుల్ మీద వరస పేర్చుకుని అప్పుడు కుట్టండి.

ఇక బొమ్మ. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది గుర్రం, దాన్ని లుంగ్‌తా అంటారు, గాలి గుర్రం. మధ్యలో ఉంటుంది, వీపు మీద మంటలు చిమ్ముతున్న రత్నాలు మోస్తుంటుంది, ఆ మూడు రత్నాలూ బుద్ధుడు, ధర్మం, సంఘం. నాలుగు మూలల్లో నాలుగు జంతువులు: గరుత్మంతుడు, డ్రాగన్, పులి, మంచు సింహం. గరుత్మంతుడు మనకి తెలిసినవాడే, విష్ణుమూర్తి వాహనం, టిబెట్‌లో ఆయనకి కొమ్ములు కూడా గీస్తారు. మంచు సింహం మాత్రం నిజంగా ఉండే జంతువు కాదు, తెల్లటి ఒళ్ళు, ఆకుపచ్చ జూలు, హిమాలయం అంటే వాళ్ళకి కలిగే ధైర్యానికీ ఆనందానికీ అదొక రూపం. ఒక్కో జంతువుకీ అర్థం ఒక్కో చోట కొంచెం తేడాగా చెప్తారు గానీ అన్నీ ధైర్యం, తెలివి, బలం, నమ్మకం లాంటివే. వీటి మధ్య ఖాళీలన్నీ మంత్రాలతో నింపేస్తారు, ఓం మణి పద్మే హుం అందులో అందరికీ తెలిసింది, అది కరుణకి రూపమైన అవలోకితేశ్వరుడి మంత్రం. ఇలా తాడుకి అడ్డంగా కట్టేవి కాకుండా నిలువుగా పెద్ద కర్రకి కట్టే పొడుగు జెండాలు ఇంకో రకం. భూటాన్‌లో ఎవరైనా చనిపోతే వాళ్ళ పేరు మీద 108 తెల్ల జెండాలు కొండ మీద నిలబెడతారు.

ఎక్కడ పుట్టాయి అంటే రెండు దారులు చెప్తారు. టిబెట్‌కి బౌద్ధం రాకముందు బోన్ అనే మతం ఉండేది, వాళ్ళు రోగం తగ్గడానికి చేసే పూజల్లో రంగు గుడ్డలు వాడేవాళ్ళు అంటారు. ఇంకో దారి మన దేశం నుంచి. ధజగ్గ సుత్తం అని పాళీలో ఒక బౌద్ధ సూత్రం ఉంది, అందులో దేవాసుర యుద్ధంలో ఇంద్రుడు తన సైన్యానికి భయమేస్తే నా జెండా కొస వైపు చూడండి, భయం పోతుంది అని చెప్పాడని, బుద్ధుడు తన భిక్షువులకి ఆ కథ చెప్పి మీకు అడవిలో భయమేసినప్పుడు బుద్ధుణ్ణీ ధర్మాన్నీ సంఘాన్నీ తలుచుకోండి అన్నాడని ఉంది. జెండా వైపు చూసి ధైర్యం తెచ్చుకోవడం అనేది అంత పాతది.

తర్వాత ఈ జెండాలకి కష్టకాలం వచ్చింది. టిబెట్ చైనా చేతిలోకి వెళ్ళాక, 1959లో వాళ్ళ మతగురువు దలైలామా, ఆయన వెనకే వేలమంది టిబెటన్లు ఇండియాకి వచ్చేశారు. 1966 నుంచి పదేళ్ళు చైనాలో సాంస్కృతిక విప్లవం, అంటే పాత ఆచారాలని తుడిచేయాలన్న ఉద్యమం, నడిచినప్పుడు టిబెట్‌లో ఇలాంటివి కట్టనివ్వలేదు, పాత అచ్చులు ఎన్నో పోయాయి. ఇటు వచ్చినవాళ్ళు, నేపాల్ షెర్పాలు చేస్తూ వచ్చారు కాబట్టి ఇవాళ మీ క్లాసు దాకా వచ్చింది. చలికాలం రాగానే మన ఊళ్ళలో రోడ్డు పక్కన వరసగా స్వెటర్ల కొట్లు పెడతారే టిబెట్ వాళ్ళు, వాళ్ళు ఆ కుటుంబాల వాళ్ళే. శ్రీకాకుళం జిల్లా దాటి ఒడిశా గజపతి జిల్లాలోకి వెళ్తే చంద్రగిరి దగ్గర 1963 నుంచి వాళ్ళ ఊళ్ళు ఉన్నాయి, జీరంగ్‌లో పెద్ద బౌద్ధ ఆలయం ఉంది, చుట్టూ జెండాలు కట్టి ఉంటాయి, ఉత్తరాంధ్ర వాళ్ళు శీతాకాలంలో కార్లేసుకుని వెళ్తుంటారు. మీ అమ్మానాన్నలని అడగండి, వీలైతే వెళ్ళి చూడండి. ఇంకోటి, బుద్ధుడు కాలచక్ర అనే గూఢమైన బోధ మొదటిసారి చేసింది మన ధాన్యకటకంలోనే, అంటే అమరావతిలోనే అని టిబెటన్ల నమ్మకం, అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి ఆ కాలచక్ర దీక్ష ఇచ్చారు. కాబట్టి వాళ్ళకి మన నేల కొత్త కాదు, మనమే వాళ్ళ గురించి కొంచెం తక్కువ తెలుసుకున్నాం.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం, నాకు చెప్పాలని నోరు ఊరేది ఇక్కడే.

టిబెట్ తూర్పు వైపు దెర్గే అనే ఊళ్ళో 1729లో కట్టిన ప్రింటింగ్ హౌస్ ఉంది, ఇప్పుడది చైనాలో సిచువాన్ రాష్ట్రం కిందికి వస్తుంది. అక్కడ రెండు లక్షలకి పైగా చెక్క అచ్చులు అరల్లో పేర్చి ఉంటాయి, ఇప్పటికీ చేత్తోనే అచ్చు వేస్తారు. చెక్క ఏమో బిర్చ్, భూర్జపత్రం అని మన పాత గ్రంథాల్లో వింటాం చూడండి ఆ జాతి చెట్టు. దాన్ని బాగా ఎండబెట్టి, ఉడకబెట్టి, మళ్ళీ ఆరబెట్టి, పగలదు వంగదు అనుకున్నాకే ఉలి పెడతారు. అచ్చు వేసేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకళ్ళు సిరా పూస్తారు, రెండోవాళ్ళు కాగితం మీద రోలర్ లాగుతారు. మీరు కూడా ఇద్దరిద్దరు కూర్చోండి, ఒకళ్ళ చేతికి రంగు, ఇంకొకళ్ళ చేతికి గుడ్డ, అప్పుడు గుడ్డ మీద వేలిముద్రలు పడవు.

చెక్కేటప్పుడు అందరూ తడబడేది తిరగేసిన బొమ్మ దగ్గర. అచ్చులో కుడివైపు ఉన్నది గుడ్డ మీద ఎడమకి వస్తుంది. గుర్రం ఎటు తిరిగినా గుర్రమే గానీ అక్షరాలు అలా కాదు, మన తెలుగులో సున్నా విసర్గా పక్కన పెడితే దాదాపు ఏ అక్షరమూ తిరగేస్తే అలాగే ఉండదు, పైగా మాటలో అక్షరాల వరస కూడా తిరగబడాలి. టిబెట్ వాళ్ళు దీనికి ఏం చేస్తారంటే పల్చటి కాగితం మీద మామూలుగా రాసి, ఆ రాసిన వైపు చెక్కకి అంటేలా బోర్లా అతికిస్తారు, కాగితంలోంచి వెనక నుంచి గీతలు కనిపిస్తాయి, వాటి చుట్టూ చెక్కేస్తారు. మీరు బటర్ పేపర్ మీద మెత్తటి పెన్సిల్‌తో గీసి, బోర్లించి, వెనక నుంచి చెంచాతో రుద్దండి, లినోలియం (అచ్చు చెక్కడానికి వాడే మెత్తటి షీటు) మీదైనా ఫోమ్ షీట్ మీదైనా గీత దిగుతుంది. చెక్కే ముందు ఒకసారి అద్దంలో చూడండి, అద్దంలో సరిగ్గా కనిపిస్తే గుడ్డ మీదా సరిగ్గా వస్తుంది. గీతలు సన్నగా పెట్టకండి, చిన్న గీతలన్నీ రంగు పూయగానే పూడిపోతాయి. ఏది చెక్కేస్తే అది గుడ్డ రంగులోనే మిగులుతుంది, ఏది వదిలేస్తే అది అచ్చవుతుంది, ఇది మెదడుకి ఎక్కడానికి కాస్త టైం పడుతుంది, అందుకని వదిలేసే భాగాన్ని ముందే స్కెచ్ పెన్‌తో నల్లగా నింపుకోండి.

ఉలిని ఎప్పుడూ మీ ఒంటికి దూరంగా, బయటికి తోయాలి, రెండో చెయ్యి ఉలి వెనకే ఉండాలి, ముందు కాదు. ఇందులో బతిమాలడాల్లేవు. మూడో క్లాసు నాలుగో క్లాసు పిల్లలు ఉలి జోలికే వెళ్ళొద్దు, ఫోమ్ షీట్ మీద బాల్ పెన్‌తో గట్టిగా నొక్కి గీసుకుంటే చాలు.

అద్దకం విషయంలో మన పెడన వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ టేకు అచ్చులతో అద్దుతారు. వాళ్ళ బల్ల మీద మందంగా గోనె, గుడ్డ పొరలు పరిచి ఉంటాయి, ఆ మెత్తదనం వల్లే అచ్చు అంతటా సమంగా దిగుతుంది. మీ గట్టి టేబుల్ మీద నేరుగా గుడ్డ వేసి అద్దితే మధ్యలో రంగు అంటదు, కాబట్టి పాత దుప్పటి నాలుగు మడతలేసి దాని మీద గుడ్డ పరవండి. రంగు కూడా అచ్చుని గిన్నెలో ముంచి కాదు, రంగు పీల్చిన స్పాంజి మీద రెండుసార్లు తట్టి తీసుకోవాలి. గుడ్డ మీద పెట్టాక పిడికిలితో ఒకటి వేసి నిటారుగా ఎత్తేయండి, జరిపితే చెరిగిపోతుంది. గుడ్డ నూలుదే కావాలి, గంజి పోయేదాకా ఒకసారి ఉతికి ఇస్త్రీ చేసింది. పాలిస్టర్ వద్దే వద్దు. ఇవాళ బజార్లో చవగ్గా దొరికే ప్రేయర్ ఫ్లాగ్స్ చాలా వరకు పాలిస్టర్వే, అవి కొండల మీద చిరిగి పీలికలై నేలలో కలవకుండా అలాగే పడుంటాయి, అందరికీ మేలు జరగాలని కట్టింది కొండకి చెత్త కావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక ఏం బొమ్మ చెక్కాలి? ఇంటర్నెట్‌లో దొరికిన టిబెట్ మంత్రాన్ని చూసి గీసేయొద్దని నా మాట. అక్షరం తెలియకుండా చెక్కితే ఒక గీత తప్పినా మీకు తెలియదు, వాళ్ళకి మాత్రం అది మంత్రం. వాళ్ళ దగ్గర మనం తీసుకోవాల్సింది పద్ధతి: గుడ్డ, గాలి, ఐదు రంగులు, ఎదుటివాళ్ళ కోసం కోరుకోవడం. బొమ్మ మాత్రం మీ సొంతదై ఉండాలి. ముందు ఎవరి కోసం అని ఆలోచించండి, బొమ్మ తర్వాత అదే వస్తుంది. వాన కోసం చూసే అనంతపురం రైతు కోసం అయితే మబ్బు, వేటకి వెళ్ళిన మత్స్యకారులు క్షేమంగా ఒడ్డుకి రావాలనుకుంటే పడవ, ఎండాకాలంలో పిట్టల కోసం నీళ్ళు పోసిన మట్టి మూకుడు, ఆస్పత్రిలో రాత్రంతా మేలుకునే నర్సమ్మల కోసం దీపం. నాకు మంచి మార్కులు రావాలి అని పుస్తకం బొమ్మ చెక్కాలనిపిస్తే చెక్కండి గానీ, స్కూలుకి వెళ్ళలేని పిల్లల కోసం అనుకుని చెక్కండి, పుస్తకం అదే, కోరిక వేరు. ఒకే అచ్చుని ఐదు రంగుల మీదా వేయండి, లేదా ఒక్కో రంగుకి తగ్గ బొమ్మ మీ గ్రూపులో పంచుకోండి, రెండూ బాగుంటాయి.

అద్దినవి ఆరేటప్పుడు నేల మీద పరవకండి, తాడు మీద వేయండి. టిబెట్ వాళ్ళు ఈ జెండాలని కింద పెట్టరు, కాలు తగలనివ్వరు. మీవి మీ సొంత బొమ్మలే అయినా ఆ మర్యాద పాటించండి. రంగు వెలిసిపోతుందేమో అని పైన వార్నిష్, ఫెవికాల్ లాంటివి ఏవీ పూయొద్దు. వెలిసిపోవడమే అక్కడ మంచి గుర్తు, ప్రార్థన గాలిలోకి వెళ్ళిందని లెక్క. పాతబడ్డ వాటిని తీసేస్తే చెత్తలో వేయరు, కాల్చేస్తారు, లోసార్ అనే వాళ్ళ కొత్త సంవత్సరానికి కొత్తవి కడతారు, చాలా చోట్ల పాతవాటి పక్కనే కొత్తవి కట్టేస్తారు కూడా.

కట్టే చోటు క్లాస్‌రూమ్ గోడ మాత్రం కాకూడదు, గాలి రావాలి. మేడ మీద పిట్టగోడకో, గ్రౌండ్‌లో రెండు చెట్ల మధ్యో కట్టమని మీ టీచర్‌ని అడగండి. చెట్టుకి మేకు కొట్టకుండా నూలు తాడుతో వదులుగా కట్టండి.

కట్టాక ఫోటో పంపండి. జెండాల ఫోటో ఒక్కటే కాదు, మీరు చెక్కిన అచ్చుది కూడా కావాలి నాకు, దాని కింద ఇది ఎవరి కోసమో ఒక్క లైను రాయండి.

ఇట్లు,
మీ డ్రాయింగ్ తాతయ్య